వేళ్లు కనిపించే అంకె

బడి నుంచి వచ్చిన మెసేజ్‌ను మా ఆయన రెండుసార్లు పైకి చదివారు. మొదటిసారి నా కోసం, రెండోసారి తన కోసం.

"పాప వీడియో చూశాము. చేతులు స్పష్టంగా లేవు. వేళ్ల ఆకారాలు పూర్తి కావడం లేదు. ప్రస్తుతానికి చిన్నపిల్లల బృందంలో చేర్చుకోగలం. రెండో తరగతి సంగతి వచ్చే ఏడాది చూద్దాం."

చిన్నపిల్లల బృందం అంటే నాలుగేళ్లవాళ్లు. మా చిటికెకి ఏడు నిండాయి.

చిటికె అన్నది మా అత్తగారు పెట్టిన ముద్దుపేరు. నెలల పిల్లగా ఉన్నప్పుడు ఒక్క క్షణం వేళ్లు ఊరుకునేవి కావు. దానికి చెవులు వినపడవని అప్పటికి మాకు తెలియదు. తెలిశాక కింది వాటాలో ఉండే కుట్టుపని అక్క దగ్గర పిల్లా నేనూ కలిసి సైగలు నేర్చుకున్నాం. ఆ అక్కకీ పుట్టుకతోనే వినపడదు. నేను నేర్చుకున్నాను అనడమే గానీ, నాలుగు నెలల్లో పిల్ల నన్ను దాటి వెళ్లిపోయింది. ఇప్పుడు అది కబుర్లు మొదలుపెడితే గిన్నెలు కడుగుతున్నదాన్ని చేతులు తుడుచుకుని కూర్చోవాల్సిందే.

ఈ బడిలో పాఠాలన్నీ సైగలతోనే చెబుతారు. పిల్లని ఏ తరగతిలో వేయాలో తేల్చుకోవడానికి రెండు నిమిషాల వీడియో అడిగారు. పిల్ల తనకు తోచింది తన చేతులతో చెప్పాలి, మధ్యలో ఎక్కడా కత్తిరించకూడదు. అంతే.

మా మరిది అద్దె ఇళ్ల ఫొటోలు తీసే పనిలో ఉన్నాడు. పెద్ద కెమెరా, మూడు కాళ్ల స్టాండు తెచ్చి తనే సరిచేసి పెట్టాడు.

"అన్నిటికన్నా పెద్ద సైజు పెట్టాను వదినా. ఫోర్‌కే. ఇంక తిరుగులేదు," అన్నాడు.

చిటికె వాన కథ చెప్పింది. నేను చూశాను, మురిసిపోయాను. ఫైలు పెద్దదైతే బడివాళ్ల ఆన్‌లైన్ ఫారం తీసుకోదని మరిది తన కంప్యూటర్లో పెట్టి దాన్ని కుదించాడు. పంపాం. దానికి వచ్చిన జవాబు ఇది.

నేను ఎనిమిదితో చదువు ఆపేసినదాన్ని. అమ్మకి నడుం పడిపోతే ఇంట్లో చేసేవాళ్లు లేక మానిపించారు. అందుకని ఎవరైనా తప్పు అంటే అది నాదే అయి ఉంటుందని ముందే ఒప్పేసుకుంటాను. ఆ రోజూ అంతే. నేనే పిల్లకి వంకరటింకరగా నేర్పానేమో, దాని ఏడాది నా మూలాన పోయిందేమో అనుకుంటూ ఫోను పట్టుకుని కుట్టుపని అక్క దగ్గరికి దిగాను.

అక్క వీడియో మొత్తం చూసింది. "బాగానే చెప్పిందిగా! వాన, గొడుగు, గొడుగు తిరగబడటం," అంది చేతులతో. తర్వాత ఎందుకో సూది పక్కన పెట్టి, కళ్లద్దాలు పెట్టుకుని, వీడియోను మధ్యలో ఆపింది.

"ఇక్కడ వేళ్లెన్ని ఉన్నాయో లెక్కపెట్టు."

లెక్కపెట్టలేకపోయాను. చెయ్యి ఉండాల్సిన చోట తడిగుడ్డ విసిరినట్టు ఒక మరక ఉంది. ఇంకోచోట ఆపింది. అక్కడా మరకే.

"నువ్వూ నేనూ దాని చేతుల్ని చూడటం లేదు," అంది అక్క. "ఏం చెబుతుందో మనకి ముందే తెలుసు. బళ్లోవాళ్లకి తెలియదుగా."

తప్పు పిల్ల చేతులది కాదు. ఆ మాట మెట్లెక్కుతూ నాలో నేను ఎన్నిసార్లు అనుకున్నానో!

బడికి జవాబు రాయడానికి గంట పట్టింది. రాసినదాన్ని చెరిపి, చెరిపినదాన్ని రాసి, చివరికి "తప్పు మా కెమెరాది, పాపది కాదు, ఇంకొక్క అవకాశం ఇవ్వండి" అని పంపాను. టీచరుగారు సాయంత్రానికల్లా జవాబిచ్చారు. శుక్రవారంలోపు పాప ఫొటోతో పాటు ఇంకొక వీడియో పంపవచ్చు. వీడియో ఫైలు మూడు వందల ఎంబీ దాటకూడదు. దాని మీదే నిర్ణయం.

మరిదికి ఫోను చేశాను. "కెమెరా శుక్రవారం దాకా ఉంచుతావా? ఈసారి నేను పెడతాను."

"నువ్వా? గ్యాసు కట్టేశావో లేదో మూడుసార్లు చూసొచ్చేదానివి, అందులో ఎనభై మెనూలున్నాయి వదినా, ఎప్పటికి తేలతావు?"

"తేలకపోతే నువ్వే వచ్చి తీద్దువుగాని."

నవ్వాడు గానీ కెమెరా తెచ్చి ఇచ్చాడు. షట్టరు అంటే ఏమిటో ఒక్క ముక్కలో చెప్పి పోయాడు. కెమెరా ఎంతసేపు రెప్ప తెరిచి ఉంచుతుందో చెప్పే అంకె. ముప్ఫై అంటే సెకనులో ముప్ఫయ్యో వంతు, అయిదు వందలు అంటే అయిదు వందలవ వంతు.

పిల్లని గంటలకొద్దీ చేతులాడించమనలేను కదా. టేబుల్ ఫ్యాను వేసి దాని ముందు కూర్చున్నాను. ముందు ఫొటోలు. ముప్ఫై దగ్గర పెట్టి నొక్కితే రెక్కలే లేవు, గుండ్రటి పొగ. నూట పాతికకి రెక్కలున్నట్టు అనుమానం. రెండు వందల యాభైకి మూడు రెక్కలని చెప్పగలిగాను, అంచులు మాత్రం కాస్త చెదిరాయి. అయిదు వందలకి ఫ్యాను ఆగిపోయినట్టే ఉంది! రెక్క మీది గీత కూడా కనబడింది. కానీ గది చీకటైపోయింది. పాత డైరీలో ఒక పక్క అంకె, ఇంకో పక్క ఏం కనబడిందో రాసుకుంటూ పోయాను. చిటికె వచ్చి, "ఫ్యానుకి ఫొటోలెందుకు? దానికీ బళ్లో సీటు కావాలా?" అని అడిగింది.

"దాని దగ్గర నేర్చుకుని నీకు తీస్తాను."

"నేను ఫ్యాను కన్నా అందంగా ఉంటాను," అని జుట్టు సవరించుకుని వెళ్లిపోయింది.

మర్నాడు, మంగళవారం, ధైర్యంగా అంకె అయిదు వందల దగ్గర ఉంచి ఎర్ర బటన్ నొక్కాను. వీడియో తీసి చూసుకుంటే మళ్లీ గుండ్రటి పొగ. నాకు ఏడుపొచ్చింది. ఫొటోలో ఉన్న రెక్కలు వీడియోలో ఎక్కడికి పోయాయి? మరిదిని అడగడానికి అభిమానం అడ్డొచ్చింది. వంట పొయ్యి మీద ఉండగా ఒక్కో మెనూ తెరిచి చూశాను. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదవగలను, అర్థాలే ఊహించుకోవాలి. మధ్యాహ్నానికి దొరికింది. పైనున్న చక్రాన్ని సినిమా రీలు బొమ్మ దగ్గరికి తిప్పితే గానీ వీడియో అంకెలు మన మాట వినవు. ఫొటోకి పెట్టింది ఫొటోకే. వీడియోకి మళ్లీ మొదటి నుంచీ పెట్టాలి. ఒకే కెమెరాలో రెండు కాపురాలన్నమాట.

రీలు బొమ్మ దగ్గర ఇంకో జాబితా బయటపడింది. సైజుల పక్కన ఇరవై అయిదు, ముప్ఫై, అరవై అని ఉన్నాయి. సెకనుకి ఎన్ని బొమ్మలు తీస్తుందో ఆ లెక్క. ఎన్ని ఎక్కువ బొమ్మలుంటే చేతుల కదలిక అంత తెగకుండా కనబడుతుందనిపించింది. మరిది పెట్టిన ఫోర్‌కే దగ్గర ముప్ఫై దాటి లేదు. అరవై కావాలంటే బొమ్మ చిన్నదవ్వాలి. మధ్య సైజులో అరవై పెట్టి రెండు నిమిషాలు ఫ్యాను తీస్తే ఏడు వందల ఎంబీ వచ్చింది. అట్టడుగున ఉన్న చిన్న సైజులో తీస్తే రెండు వందల ముప్ఫై.

అన్నిటికన్నా చిన్నది. నా చెయ్యి దాని మీద ఆగిపోయింది. పెద్దదే గొప్పదని కెమెరా వాడే మనిషే చెప్పాడు కదా, నేనెవరిని? కానీ డైరీలో నా రాత నా కళ్లెదుట ఉంది. చిన్న బొమ్మలో రెక్కలు మూడూ ఉన్నాయి. పెద్ద బొమ్మలో పొగ కూడా పెద్దదిగానే ఉంది.

చిన్నదే పెట్టాను.

ఇక వెలుతురు. పదింటికి ఎదురింటి తెల్లగోడ మీద ఎండ పడి ఆ కాంతి మా కిటికీలోకి వస్తుంది. బట్టల బీరువా అడ్డం. మా ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు, బరువులు జరపడం ఆయనకొక లెక్క కాదు. అయినా ఒక మాట విసరకుండా జరపరు.

"ఇన్నేళ్లుగా ఈ బీరువా ఇక్కడే బాగుందన్నావు?"

"ఇప్పుడు అక్కడ బాగుంటుంది. తొయ్యండి."

షట్టరు రెండు వందల యాభైకి దించితే మొహం చీకటి కాలేదు, వేళ్లూ పోలేదు. పూలగౌను మీద వేళ్లు కలిసిపోతున్నాయని కుట్టుపని అక్క పూలూ చారలూ లేని ముదురు నీలం గౌను కుట్టి ఇచ్చింది. వీడియోతో పాటు పంపాల్సిన ఫొటో వరసగా ఇరవై తీసి, చిటికె కదలనిది ఒకటి ఏరాను. ఇరవైలో అలాంటిది ఒక్కటే దొరికింది.

అంతా అయ్యాక అసలు భయం పట్టుకుంది. వీడియో బాగుందో లేదో చూడాల్సింది నేనే. నా కూతురు భుజం కదిపితే చాలు, ఏమంటుందో నాకు తెలిసిపోతుంది. మరకలో కూడా మాట చదివేస్తాను. మొదటిసారి మోసపోయింది అక్కడే కదా.

గురువారం పదింటికి చిటికెని కిటికీ ముందు నిలబెట్టి, "నాకు తెలియని సంగతి ఏదైనా ఉంటే చెప్పు. ఇప్పటిదాకా నాకు ఒక్కసారి కూడా చెప్పనిది," అన్నాను.

అది కళ్లు గుండ్రంగా తిప్పింది. "ఏదైనానా?"

"ఏదైనా. నేను గదిలో ఉండను. చెప్పడం అయిపోయాక వచ్చి పిలువు."

ఎర్ర బటన్ నొక్కి బయటికొచ్చి మెట్ల మీద నిలబడ్డాను. స్టాండు పడుతుందేమో, కిటికీ రెక్క గాలికి మూసుకుంటుందేమో, అది కెమెరా ముందు నుంచి పక్కకి జరిగిపోతుందేమో. ఆ రెండు నిమిషాల్లో రెయిలింగు మీది పెయింటు గోటితో గీకేశాను. చివరికి కొంగు పట్టుకు లాగింది. మొహం నిండా దొంగనవ్వు.

కూర్చుని చూశాను. నాకు తెలియని కథ. ఒక్కో సైగ కొత్తగా చదువుకోవాల్సి వచ్చింది.

నాన్న వంటింట్లోకి వచ్చాడు. గాజు జగ్గుతో లిఫ్టు ఆట ఆడాడు. ఒకటో అంతస్తు, రెండో అంతస్తు, మూడో అంతస్తు. లిఫ్టు తెగింది. ముక్కలు ఇక్కడ, ఇక్కడ, పొయ్యి కింద. నాన్న మొహం ఇలా. నాన్న అటూ ఇటూ చూసి పిల్లి అన్నాడు. అమ్మకి పిల్లి అని చెప్పాలి. అమ్మ పిల్లిని తిట్టింది. పాపం పిల్లి కిటికీలో నిద్రపోతోంది.

ప్రతి వేలూ కనబడింది. జగ్గు ముక్క చిన్నదో పెద్దదో కూడా రెండు వేళ్ల మధ్య సందులో తెలిసింది. ఎక్కడ ఆపినా అయిదు వేళ్లకి అయిదు వేళ్లూ ఉన్నాయి. నా పిల్ల మాటలు అంత నిండుగా ఉంటాయని, ఊహించుకోకుండా చదివిన ఆ పూటే నాకు తెలిసింది. గుండె గర్వంతో ఎంత ఉబ్బిపోయిందంటే, జగ్గు సంగతికి కోపం తెచ్చుకోవడం కూడా మరిచిపోయాను.

మధ్యాహ్నం భోజనానికి వచ్చిన మా ఆయనకి ఏమీ చెప్పకుండా వీడియో పెట్టాను. ముద్ద నోటి దాకా వెళ్లి ఆగిపోయింది.

"ఇదేమిటే?" అన్నారు పిల్లతో చేతులతో. "మనం మాటిచ్చుకున్నాం కదా!"

"అమ్మ ఏదైనా చెప్పమంది," అంది చిటికె.

"నోరు మెదపదని నమ్మి పెట్టుకున్న సాక్షి," అన్నారు నాతో. "పోనీ, ఇది ఇంట్లో ఉంచుకుని బడికి ఇంకో మంచి కథ పంపుదాం. నా పరువు కాస్త చూడవే."

"ఇది ఇంకోసారి ఇలా చెప్పదు. ఇదే వెళ్తుంది."

"నీకు ఇంత మొండితనం ఎప్పుడొచ్చింది?"

"మంగళవారం నుంచి," అన్నాను. పంపు అన్న బటన్ నేనే నొక్కాను. రెండోసారి సరిచూసుకోలేదు కూడా.

సాయంత్రం కెమెరా కోసం వచ్చిన మరిది నేను పెట్టినవి చూసి తల పట్టుకున్నాడు. "ఇంత గొప్ప కెమెరాని డొక్కు ఫోను చేసి పెట్టావు వదినా!" వీడియో చూపించాను. రెండుచోట్ల ఆపి చూశాడు. "ఈ అంకెలు రాసుకోనా?" అన్నాడు. డైరీ ఇచ్చాను.

సోమవారం జవాబు వచ్చింది. మా ఆయన పనిలో ఉన్నారు. నేనే చదువుకున్నాను. రెండో తరగతి. "వయసుకు మించిన భాష" అని కూడా రాశారు. కింద నవ్వుతూ రాసినట్టు ఇంకో మాట: "మీ పిల్లికి మా క్షమాపణలు చెప్పండి."

చిటికెని ఎత్తుకుని తిప్పాను. ఏడేళ్ల పిల్లని ఎత్తితే నడుం పట్టేసింది, అయినా దించలేదు. దించాక మెసేజ్‌ చివర ఇంకో పేరా ఉందని చూసుకున్నాను. ఈ ఏడాది పదకొండు మంది పిల్లల వీడియోల్లో చేతులు సరిగ్గా లేవట. వాళ్లవి కూడా కెమెరా తప్పులే అయి ఉంటాయని మీ వీడియో చూశాక అనుమానం వచ్చింది, వాళ్లని కూడా మళ్లీ పంపమంటున్నాం, మీరు ఏం పెట్టి తీశారో ఆ తల్లిదండ్రులకు అర్థమయ్యేలా రాసి ఇవ్వగలరా, మీ ఫోను నంబరు వేయవచ్చా అని టీచరుగారు అడిగారు.

బడి వాళ్లు నన్ను రాసి ఇమ్మనడం! తప్పులు పోతాయేమోనని రెండు కాగితాలు చింపాను. మూడోదాంట్లో తప్పులతోనే రాశాను. వెలుతురు ఎటు ఉండాలో, చక్రం ఎక్కడికి తిప్పాలో, పెద్ద సైజు ఎందుకు వద్దో, తీసేటప్పుడు తల్లి గదిలో ఎందుకు ఉండకూడదో. సగం పేజీ అయింది.

గురువారం తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. ఎవరో ఆవిడ, గొంతులో గాభరా. "ఆ కాగితం రాసిన మేడమ్‌గారేనాండీ? మా బాబు వీడియో రేపు పంపాలి. ఆ అరవై అన్నది నాకు ఎక్కడా కనబడటం లేదు. నాకు పెద్దగా చదువు లేదండీ, ఏదైనా పాడుచేస్తానేమోనని భయంగా ఉంది."

నేను స్టవ్ కట్టేసి, కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"ఏమీ పాడవదండీ," అన్నాను. "కెమెరా చేతిలోకి తీసుకోండి. నేను లైనులోనే ఉంటాను."