అడ్డపొగ

నూకరాజుకు తొమ్మిదో ఏడు నిండకముందే పొగ పట్టుబడింది. చుట్టను పొయ్యిలో ముట్టించుకు రమ్మని నాయనమ్మ పంపేది. ఆరకుండా తేవాలంటే దారిలో రెండు దమ్ములు లాగక తప్పదు. శ్రీకాకుళం పల్లెల్లో ఆడవాళ్లు నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీలుస్తారు. అదే అడ్డపొగ. గాలికి ఆరదు, ఎదుటివాడికి కనపడదు. అలాంటిది బడిలో బాగా పనికొస్తుందని వాడు కనిపెట్టాడు. లెక్కల మేష్టారు బోర్డువైపు తిరిగితే వీడు గోడ దాటేవాడు. తిరిగొచ్చేసరికి లెక్క అయిపోయేది. ఎనిమిదో తరగతిలో బడే అయిపోయింది.

ఇప్పుడు సింగపూర్‌లో, ఓడలు బాగుచేసే యార్డులో, ఖాళీ ట్యాంకుల్లోకి దిగి రంగులు వేస్తాడు. సూపర్వైజరు పరీక్ష నెగ్గినవాళ్లకే ఈసారి పర్మిట్ పొడిగిస్తామంది కంపెనీ. రాతపరీక్షలో పొగకోసం నోరు పీకి, మధ్యలోనే లేచి బయటికొచ్చేశాడు. మళ్లీ లోపలికి రానివ్వలేదు. టెక్కలివాడైన ఫోర్‌మన్ భద్రయ్య ఆఫీసు చుట్టూ తిరిగి, నోటితో చెప్పే పరీక్ష ఇప్పించాడు.

"ఇదే ఆకరు. పోతే ఇంటికి ఇమానమే," అన్నాడు భద్రయ్య, వుడ్‌ల్యాండ్స్ డార్మిటరీ దగ్గర లారీ ఎక్కుతూ.

"సదివినాను మావా. అన్నీ నోటికొచ్చీసినాయి."

"నీ నోటితోనేరా నాకు బయ్యం."

లారీలో అందరూ నవ్వారు.

పరీక్ష ఓడ డెక్కు మీద. వాడి ముందు ఇంకొందరున్నారని చెబితే, నూకరాజు ఒడ్డునున్న పొగతాగే షెడ్డుకెళ్లి సిగరెట్ ముట్టించాడు. సగం కాలకముందే పేరు పిలిచారు. మరొకడైతే పీకను డబ్బాలో పడేసి పరిగెత్తేవాడు. వీడి నాలుక మాత్రం, మేష్టారి అడుగుల చప్పుడు విన్నట్టు, నిప్పును లోపలికి తిప్పేసుకుంది. ఆ సంగతి మెట్లెక్కి డెక్కు మీదికొచ్చాకగాని వాడికి తెలియలేదు. ఎదురుగా సేఫ్టీ ఆఫీసరు, పక్కన భద్రయ్య. కాళ్ల దగ్గర ట్యాంకు మూత. లోపల వేసిన రంగు ఇంకా ఆరలేదు. ఇద్దరు మనుషులు మూత బోల్టులు వదులు చేస్తున్నారు. సందుల్లోంచి థిన్నరు వాసన కళ్లు మండిస్తోంది.

"బిఫోర్ ఓపెన్, ఫస్ట్ చెక్ వాట్?" అడిగాడు ఆఫీసరు.

గ్యాసు. తెలిసిన జవాబే, చిన్న మాటే. నూకరాజు పెదాలు బిగించి తలూపాడు.

"టాక్ లా. హెడ్ షేకింగ్, నో మార్క్స్."

భద్రయ్య నవ్వబోయి ఆగాడు. నూకరాజు ముక్కులోంచి సన్నటి పొగ దిగుతోంది. భద్రయ్య తన తల్లినీ మేనత్తలనూ అలా ఉబ్బిన దవడలతో చూస్తూ పెరిగిన మనిషి. ఒక్క అంగలో వెళ్లి బోల్టు తిప్పుతున్న చేతిని అదిమిపట్టాడు. తల తిప్పకుండానే అన్నాడు:

"ఉమ్మీకురా. మింగీ."

నూకరాజు మింగాడు.

"వాట్ హి సే? హి టెల్ యూ ఆన్సర్?" ఆఫీసరు ముఖం ముడిచాడు. "మై క్వశ్చన్, యూ ఆన్సర్."

నూకరాజు నోరు తెరిచాడు. మూలుగు వచ్చింది, మాట రాలేదు. బొబ్బలెక్కిన నాలుక ఎటూ కదలలేదు. ఆఫీసరు కాగితం మీద గీత కొట్టి, "నెక్స్ట్," అన్నాడు.

కిందికి దిగాక భద్రయ్య వాడి మెడలోని యార్డు పాస్ తీసుకున్నాడు.

"ఆ మూత తెరుచుకునుంటే ఎంతమందిమి పోదుమో తెలుసురా నీకు? ఆఫీసుకి ఏటని సెప్పమంటావు?"

నూకరాజు పక్కకు తిరిగి ఉమ్మాడు. నెత్తురు, బూడిద. జవాబుకోసం భద్రయ్య ఇంకా చూస్తూనే ఉన్నాడు. నూకరాజు చెయ్యి అప్పటికే జేబులో సిగరెట్ పెట్టెకోసం వెతుకుతోంది.