ముందుగా రమ్మన్న పెళ్ళి

తడి రుద్రజడ వాసన. దానిలో కలిసిన బంతిపూల వాసన.

కిటికీ కింద, ఖమీస్ ముషైత్ సంతలో పూలచుట్లు అమ్ముతున్నారు. ఈ సౌదీ కొండల్లో మగవాళ్ళు పెళ్ళికి తలకు పూలు చుట్టుకుంటారు. వచ్చిన కొత్తలో అది చూసి మొండయ్య ఎంత నవ్వుకున్నాడో!

ఇప్పుడు నవ్వు రావడం లేదు.

మంచం మీద రెండు జతలున్నాయి.

ఒకటి పని డ్రెస్సు — నీలిరంగు, మోకాళ్ళ దగ్గర వెలిసిపోయింది.

ఇంకొకటి తెల్ల దోతి, తెల్ల అంగీ. బిడ్డ స్వర్ణ పెళ్ళిలో వియ్యాలవాళ్ళు తండ్రికని పెట్టిన బట్టలు. ఆ పెళ్ళికి ఆ తండ్రి పోలేకపోయాడు. సెలవు దొరకలేదు. భార్య అంజవ్వ ఆ జతకు పసుపు బొట్టు పెట్టి, ఇటు వచ్చేవాళ్ళ చేతికిచ్చి పంపింది. ఇన్నాళ్ళూ మడత విప్పలేదు. ఎక్కడికని కట్టుకుంటాడు?

ఇవాళ పెళ్ళి సయీద్‌ది. మొండయ్యకు వీసా ఇచ్చిన యజమాని, కఫీల్ ముసలాయన కొడుకు. నల్లాలు, పైపులు బాగుచేసే చిన్న దుకాణం ఆయనది, అందులో పాత పనివాడు మొండయ్య. పసితనంలో సయీద్ ఈ భుజం మీదే నిద్రపోయేవాడు — పైపుల సంచీ ఒక భుజాన, పిల్లవాడు ఒక భుజాన.

ఆ దుకాణం ఇక ఉండదు. సౌదీవాళ్ళనే పనిలో పెట్టుకోవాలనే నితాఖత్ లెక్కలో ఎర్రరంగులో పడింది. పైగా బయటిదేశపు పనివాళ్ళ మీద మనిషి మనిషికీ లెవీ. ముసలాయన తిరగని ఆఫీసు లేదు. చివరికి మొండయ్యకు ఖురూజ్ పడింది — పోవడమే, మళ్ళీ రావడం లేదు. రేపే ప్రయాణం.

అయినా ముసలాయన ఫోను చేశాడు. పెళ్ళికి రమ్మన్నాడు. ముందుగా రమ్మన్నాడు.

ముందుగా...

అక్కడే ఆగిపోయాడు మొండయ్య. ఆయన ముందుగా రమ్మన్నప్పుడల్లా ఏముండేది? కారే నల్లా... పొంగే మోరీ...

గదిలో ఉండే స్వామి ఒక్కమాటలో తేల్చేశాడు.

"సుట్టాలను ఎవలన్న జల్ది రమ్మంటరానే? పనుంది, పిలిసిండు. దోతి కట్టుకపోయినంక గిన్నెలెత్తుమంటే ఇజ్జత్ పోదా?"

ఇజ్జత్.

తెల్లబట్టల మీద చెయ్యి వేశాడు. తీశాడు. మళ్ళీ వేశాడు...

నీలిరంగే తొడుక్కున్నాడు.

ఏం మనిషివయ్యా మొండయ్యా! ఆయన్నే అడిగితే అయిపోయేది కదా. ఫోను చేతిలోనే ఉందాయె.

పెళ్ళి హాలు గుమ్మంలో ముసలాయన నిలబడి ఉన్నాడు. తెల్లటి పొడుగు అంగీ, తోబు. తలకు పూలచుట్టు. చేతిలో ఇంకొక పూలచుట్టు. ఆయన వెనక, పెళ్ళికొడుకు పక్కన, కూర్చునే మెత్త ఒకటి ఖాళీగా ఉంది.

మొండయ్యను చూశాడు. నీలిరంగును చూశాడు. చేతిలో పూలు అట్లాగే ఉండిపోయాయి.

"జాలాన్?" అన్నాడు మెల్లగా. కోపమొచ్చిందా అని.

అప్పుడు అర్థమైంది మొండయ్యకు. పంపించేస్తున్నందుకు కోపంతో, 'నేను నీ పనివాడినే' అని ముఖం మీద చెప్పడానికే ఈ బట్టల్లో వచ్చాడనుకుంటున్నాడు ఆ పెద్దమనిషి.

కాదు బాబా, అని చెప్పాలి. ఎట్లా చెప్పాలి? తనకు వచ్చిన అరబ్బీ అంతా పైపుల అరబ్బీ. నీళ్ళు. మూత. గట్టిగా. రేపు... వాటితో ఈ సంగతి చెప్పడం కుదరదు.

"లా బాబా... లా" అని తల అడ్డంగా ఊపాడు. ముసలాయన నమ్మినట్టు లేదు. పూలచుట్టు తలకు పెట్టలేదు. చేతిలో పెట్టాడు.

ఈలోగా ఎవరో నీలిరంగును చూసి గావా కూజా అందించారు. మొండయ్య అందుకున్నాడు. వరసగా కూర్చున్న వాళ్ళందరికీ కాఫీ పోస్తూ పోయాడు. సయీద్ మెత్త మీద తట్టి పిలిచాడు. దగ్గరికి పోయి, అతని కప్పులో కూడా పోసి వచ్చాడు.

మెత్త ఖాళీగానే ఉంది.

పెళ్ళి నుంచి గదికి తిరిగి వస్తుంటే తట్టింది. తమ ఊళ్ళో పెళ్ళికి ముందుగా రమ్మనేది ఎవరిని? మేనమామను. అన్నదమ్ములను. పందిరి పడకముందే ఇంట్లో ఉండాల్సిన వాళ్ళను. స్వర్ణ పెళ్ళికి అంజవ్వ ఫోనులో తననూ అట్లాగే కదా బతిమాలింది... జర ముందుగాల రా, అని.

ఎంత పని చేసుకున్నాను, ఎంత పని చేసుకున్నాను అని దారి పొడుగునా అనుకున్నాడు.

తెల్లారి ఎయిర్‌పోర్టుకు పోతూ, ముసలాయన ఇంటి ముందు బండి ఆపించాడు.

తెల్ల దోతి. తెల్ల అంగీ. అంచున పసుపు బొట్టు అట్లాగే ఉంది. వాడిన పూలచుట్టును తలకు తనే పెట్టుకున్నాడు.

బెల్లు నొక్కాడు.

గోడ పక్కన ముసలాయన కారు లేదు. కొత్త కోడలిని తీసుకుని కొండ మీది ఊరికి పోయారేమో... లోపలే ఉన్నారేమో...

"విమానం పోతదే అన్నా" అన్నాడు బండిలోంచి స్వామి.

ఇంకోసారి నొక్కాడు.

ఎండ అప్పుడే గేటు మీదికి వస్తోంది. రుద్రజడ వాడింది గానీ వాసన పోలేదు. బంతిపూల వాసన కూడా...