కంపెనీ ఫిట్టింగ్

మా అత్తగారి కారు మీద నాకు మొదట్నుంచీ కన్నుంది. ఆ సంగతి ఆవిడకీ తెలుసు.

జీవితమంతా సిటీ బస్సు నడిపిన మనిషి, రిటైరవ్వగానే వచ్చిన డబ్బులో పెద్ద ముక్క తీసి జపాన్ స్పోర్ట్స్ కారు కొనుక్కుంది. నీలం రంగు, రెండే తలుపులు, గేర్లు చేత్తో వేసుకునే రకం. చుట్టాలు ముక్కున వేలేసుకున్నారు. నేను మాత్రం సంబరపడ్డాను, ఎందుకంటే నాది అలాంటి కార్లని విప్పి, మార్చి, బిగించే గ్యారేజీ. సైలెన్సర్ మార్చి గొంతు పెంచుతాం, స్ప్రింగులు మార్చి నేలకి దించుతాం, కారు కంప్యూటర్‌ని సవరించి పరుగు పెంచుతాం. జపాన్ వాడు కారు సగమే చేసి పంపిస్తాడు, మిగతా సగం నాలాంటివాడు చేయాలి అన్నది నా సిద్ధాంతం. మా ఇల్లు గడిచేది దాని మీదే కాబట్టి నేను దాన్ని చాలా గట్టిగా నమ్ముతాను.

"అత్తయ్యా, కంపెనీ ఫిట్టింగ్‌తో అలాగే ఉంచేస్తే అంత డబ్బు పోసింది దండగే. ఒక్క వారం నాకు వదిలేయండి," అని ఎన్నిసార్లు బతిమాలానో.

"సగం కారు అన్నావు కదూ?"

"సగమే అత్తయ్యా."

"సగానికే ఇంత హాయిగా ఉంటే, ఆ మిగతా సగం తెచ్చి ఎక్కడ పెట్టుకోను? అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటే విన్నాను గానీ, అత్త కారు అల్లుడు ఊడబీకాడంటే ఎక్కడా వినలేదు."

ఆవిడ నోటితో గెలవడం నావల్ల కాదు. గెలవాలనీ పెద్దగా లేదు. వాళ్ళింటికి మొదటిసారి వెళ్ళిన రోజు అందరూ నా గోళ్ళలోని గ్రీజు కేసి చూస్తుంటే, ఆవిడొక్కతే కిటికీలోంచి నా బండి కేసి చూసింది. "ఆ సందులో ఒక్క విడతలో వెనక్కి పెట్టాడు, చక్రం గోడకి తగల్లేదు. నిదానస్తుడు," అంది. ఆ ఒక్క మాటతో నాకు పిల్లనిచ్చారు. అందుకే ఆవిడ నన్ను ఎంత ఏడిపించినా నాకు కోపం రాదు. ఆవిడంటే నాకు ప్రాణం.

అలాంటి మనిషి ఒకనాడు గ్యారేజీకి వచ్చి, కారు తాళాలు నా బల్ల మీద పెట్టింది.

"మోకాలు పోయింది," అంది, ఎడమ కాలు జాపి కుర్చీలో కూర్చుంటూ. "క్లచ్ తొక్కడం బాగా తగ్గించుకోమన్నాడు డాక్టరు. లేకపోతే కారు అమ్మేసి, క్లచ్ లేనిది కొనుక్కోమన్నాడు. నువ్వేమైనా చేయగలిగితే చెయ్యి. ఏం మార్చుకుంటావో మార్చుకో."

ఎప్పుడెప్పుడా అని ఎదురుచూసిన మాట అది. తీరా ఆవిడ నోటి నుంచి వచ్చాక ఆ తాళాలు తీసుకోబుద్ధి కాలేదు. బస్సు దిగాక ఆవిడకి మిగిలిన సరదా ఆ కారొక్కటే. పొద్దున్నే ఊరి చివర కొండ దారిలో ఒక చుట్టు కొట్టి వస్తే తప్ప ఆవిడకి తెల్లారినట్టుండదు. అది పోతే మనిషి గుమ్మంలో కూర్చుండిపోతుంది. అది తలుచుకుంటేనే నాకు భయమేసింది.

తమాషా ఏమిటంటే, నా షాపులో ఉన్న క్లచ్‌లన్నీ ఆ కంపెనీ క్లచ్ కంటే బరువైనవే. మా దగ్గరికొచ్చేవాళ్ళకి బలం కావాలి, మెత్తదనం ఎవడిక్కావాలి? అల్మరాలన్నీ గాలించి చూశాను. మా అత్తగారి మోకాలికి పనికొచ్చే ముక్క ఒక్కటీ లేదు. చివరికి పెడల్‌ని కోసి, దాని కాడ పొడుగు చేసి అతికిస్తే కాస్త తేలికవుతుందేమో అనిపించింది. కోసే ముందు ఆవిడ ఎలా తొక్కుతుందో ఒకసారి చూడాలి కదా. మర్నాడు పొద్దున్న మా ఆవిడని ఆసుపత్రి నుంచి తీసుకురావాలి, తను అక్కడ నర్సు, ఆ వారమంతా నైట్ డ్యూటీ. "మీరే నడపండి అత్తయ్యా, నేను పక్కన కూర్చుని చూస్తాను," అన్నాను.

ఆవిడ బస్సు ఎక్కినట్టే కారెక్కింది. సీటు నిటారుగా, స్టీరింగ్‌కి దగ్గరగా జరుపుకుంది, అద్దాలు సర్దుకుంది, బెల్టు పెట్టుకుంది, గేరు కర్ర పక్కనున్న చిన్న మీట ఒకటి నొక్కి దాని దీపం ఆర్పేసింది. బయల్దేరాం. ఆవిడ డ్రైవింగ్ చూస్తుంటే కడుపు నిండిపోతుంది. ఎక్కడా తొందర లేదు, బ్రేకు వేసినట్టే ఉండదు, ఆగుతుంది.

మలుపు దగ్గర గేరు తగ్గించింది. నేను ఆవిడ పాదం కేసి చూశాను. క్లచ్ తొక్కింది, గేరు ఊడదీసింది, క్లచ్ వదిలేసింది, కుడికాలితో ఇంజన్‌ని ఒకసారి గుర్రుమనిపించింది, మళ్ళీ క్లచ్ తొక్కి కింది గేరు వేసింది. ఒక్క గేరుకి రెండు తొక్కులు! పాతకాలం బస్సుల పద్ధతి. ఆ బస్సుల్లో అలా చేయకపోతే గేరు పడేది కాదు, పళ్ళు కరకరమనేవి. ఈ కారుకి దాని అవసరమే లేదు.

"ఆపండి, ఆపండి," అన్నాను.

పక్కకి తీసి ఆపింది. "ఏం, టైరా?"

"టైరు కాదు. మీరు ప్రతి గేరుకీ రెండుసార్లు తొక్కుతున్నారు."

"మరి ఎన్నిసార్లు తొక్కాలి?"

"ఒక్కసారి చాలు అత్తయ్యా."

ఆవిడ నా కేసి తేరిపార చూసింది. "తాతకి దగ్గులు నేర్పుతున్నావా అల్లుడూ?"

"మోకాలి కోసం ఒక్కసారి ప్రయత్నించండి. దండం పెడతాను."

సణుగుతూనే బయల్దేరింది. ముందు మలుపులో ఒక్క తొక్కుతో గేరు తగ్గించింది. కారు ముందుకి విసిరినట్టు కుదిపింది, నా నుదురు అద్దానికి కొట్టుకున్నంత పనైంది. "చూశావా?" అంది. ఆ కుదుపుకి ఆవిడ మొహం ఎలా మాడిపోయిందంటే, ఎవరో ఆవిడని నలుగురిలో తిట్టినట్టుంది. "ఇలా నడిపే కంటే అమ్మేస్తాను."

అప్పుడు నాకు ఆ మీట గుర్తొచ్చింది. "ఇందాక ఏదో ఆర్పేశారే, ఎందుకు?"

"అదా? కొత్తలో గేరు వేసే ప్రతిసారీ ఇంజన్ దానంతటది అరిచేది. దయ్యం పట్టిందనుకుని నొక్కేశాను. ఎక్కగానే ముందు దాని నోరు మూయించడం అలవాటు."

దయ్యం కాదు. గేరు తగ్గించేటప్పుడు చక్రాల వేగానికి సరిపడా ఇంజన్ వేగాన్ని కారే పెంచుకుంటుంది, కుదుపు రాకుండా. అంటే మా అత్తగారు రెండో తొక్కుతో, కుడికాలి గుర్రుతో ఏం సాధిస్తుందో, అదే పని. దాని సంగతి నాకు బాగా తెలుసు. నా గ్యారేజీలో ఇలాంటి కారు దిగిందంటే కుర్రకారు అడిగే మొదటి కోరిక అదే: "అన్నా, దాన్ని తీసేయ్, మన పని అది చేయడమేంటి?" నేనూ తీసిపారేసేవాణ్ణి. నా లెక్కలో అది చేతకానివాళ్ళ కోసం పెట్టిన అలంకారం.

మీట నొక్కాను. దీపం వెలిగింది. "ఇప్పుడు ఒక్కసారి తొక్కండి."

కొండ మొదలయ్యే చోట తొక్కింది, ఒక్కసారే. ఇంజన్ దానంతటది చిన్నగా గొంతెత్తి, దించుకుంది. గేరు పడినట్టే తెలియలేదు. తర్వాతి మలుపులో మళ్ళీ తొక్కింది. దాని తర్వాతి దాంట్లో కాలు అలవాటు కొద్దీ రెండోసారి లేచింది. "ఛీ, పుట్టుకతో వచ్చిన బుద్ధి," అని తన కాలిని తనే తిట్టుకుంది. ఆసుపత్రి చేరేసరికి కాలు ఆవిడ మాట వింటోంది.

మా ఆవిడ మెట్లు దిగి వచ్చింది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పగటి పూట నిద్ర పట్టక వారం రోజులుగా సతమతమవుతోంది పాపం. తనని ముందు కూర్చోబెట్టి నేను వెనక్కి దూరాను. ఆ కారుకి వెనక సీటంటూ ఒకటి ఉందని కాగితాల్లో రాస్తారు. అందులో మడత కుర్చీలా ముడుచుకుని కూర్చున్నాను.

"ఏంటమ్మా, కారు కోసేశాడా?" అంది మా ఆవిడ ఆవులిస్తూ.

"లేదే. నా కాలికి బుద్ధి చెప్పాడు," అంది అత్తగారు.

ఆ మాట పూర్తిగా విన్నదో లేదో, రెండో వీధి దాటేలోపు మా ఆవిడ తల కిటికీకి వాలిపోయింది. తిరుగు దారిలో దిగుడు, మలుపు మీద మలుపు, గేరు మీద గేరు. అత్తగారు ఒక్కో మలుపు దాటాక పక్కకి చూస్తోంది. మొదట రోడ్డు చూస్తోందనుకున్నాను. కాదు, కూతుర్ని చూస్తోంది.

"లేవలేదు," అంది మెల్లగా, తనలో తను అనుకుంటున్నట్టు.

"ఏంటత్తయ్యా?"

గొంతు ఇంకా తగ్గించింది. "మీ మావయ్య పోయాక దీన్ని ఎక్కడ వదలాలో తెలిసేది కాదు. బస్సులోనే నా వెనక సీట్లో పడుకోబెట్టుకునేదాన్ని. కొత్త బస్సులొచ్చాక డిపోలో అందరూ ఒక్క తొక్కుకి వచ్చేశారు, అడ్డంగా కుదిపేవాళ్ళు. నేనూ ఒకరోజు అలాగే వేశాను. ఇది ఉలిక్కిపడి లేచి, ఎక్కడున్నానో తెలియక ఒకటే ఏడుపు. ఆ రోజు నుంచి మళ్ళీ రెండే తొక్కేదాన్ని. ఇది పెద్దదై బస్సు ఎక్కడం మానేసినా నా కాలు మానలేదు."

ఆవిడ మోకాలు ఎవరి నిద్ర కోసం అరిగిందో ఆ మనిషి నా ముందు సీట్లో నోరు తెరుచుకుని పడుకుని ఉంది, నా భార్య. నాకు దక్కిన మనిషిని ఇలా కాపాడి తెచ్చి ఇచ్చిందన్నమాట ఆవిడ. మొక్కుదామంటే ఆ సీట్లో నా చేతులు కూడా లేచేట్టు లేవు. అక్కడెక్కడో ఫ్యాక్టరీలో ఎవరో, పేరు తెలియని మహానుభావుడు, పక్క సీట్లో పడుకునే మనిషి గురించి కూడా ఆలోచించి ఈ కారు చేశాడు. అత్తగారు పోసిన డబ్బులో అదీ ఉంది. నేను ఎన్ని కార్లలోంచి దాన్ని పీకేశానో. ఆయనకి కూడా మనసులోనే దండం పెట్టుకున్నాను.

"ఇంక పెడల్ కోయక్కర్లేదత్తయ్యా," అన్నాను. "ఏదీ మార్చక్కర్లేదు. కారు మీదే."

ఆవిడ తల ఊపింది. కళ్ళు తుడుచుకుందేమో, వెనక నుంచి నాకు కనిపించలేదు. మా వీధి మలుపు వచ్చింది. ఆవిడ తిప్పకుండా నేరుగా పోనిచ్చింది.

"ఇల్లు దాటిపోయాం అత్తయ్యా."

"నాకు తెలుసు, అరవకు," అంది. "ఆపితే లేస్తుంది."