ఆకుల మేడమ్ క్లాసు

ఆ కాలేజీలో అక్కాచెల్లెళ్ళిద్దరూ పాఠాలు చెప్పేవారు. అక్కది వృక్షశాస్త్రం, చెల్లెలిది రసాయనశాస్త్రం. అక్క ఏదో ఒక ఆకో కొమ్మో చేత్తో పట్టుకోనిదే క్లాసులో అడుగుపెట్టేది కాదు. అందుకని పిల్లలు ఆమెకి ఆకుల మేడమ్ అని పేరు పెట్టారు. చెల్లెలి మాట కరుకు. తప్పు రాసినవాళ్ళని చెరిగి పారేసేది. ఆమె ఆమ్లం మేడమ్. ఆ పేరు చెవిన పడ్డ రోజు చెల్లెలు భగ్గుమంటే, అక్క నవ్వాపుకోలేక కళ్ళు తుడుచుకుంది. "పోనీలేవే, గాఢ ఆమ్లం అనలేదు కదా," అంది. అప్పట్నుంచి ఇంట్లో కూడా అదే పేరు ఖాయమైపోయింది.

ఇద్దరూ ఒకే ఇంట్లో పక్కపక్క వాటాల్లో ఉండేవారు. అక్క భర్త వడ్రంగి. వీధి మలుపులో అతని కొట్టు. అక్క పెద్ద చదువులన్నీ పెళ్ళయ్యాక చదివినవే. అతనే పొద్దున సైకిలు మీద కాలేజీ దగ్గర దింపేవాడు, సాయంత్రం చొక్కా మీది రంపంపొట్టు దులుపుకుంటూ వచ్చి గేటు బయట నిలబడేవాడు. చదువు పూర్తై ఆమె అదే కాలేజీలో ఉద్యోగంలో చేరాక కూడా ఆ అలవాటు పోలేదు. గేటు దాటి లోపలికి మాత్రం ఎన్నడూ రాలేదు. చెల్లెలు పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా ఆరా తీస్తే "ఆమ్లాన్ని ఏ సీసాలో పెట్టినా కష్టమే," అని తనే తేల్చేసేది.

ఆ ఏడు వానలు మొదలవుతుండగా అక్క గొంతు బొంగురుపోయింది. సుద్దపొడి పడటం లేదనుకుంది. వేడినీళ్ళు పుక్కిలించింది. రెండు నెలలైనా తగ్గకపోయేసరికి పెద్దాసుపత్రికి వెళ్తే, గొంతులో గడ్డ ఉందన్నారు. ప్రాణం దక్కాలంటే స్వరపేటిక తీసెయ్యక తప్పదన్నాడు డాక్టరు.

"మళ్ళీ పాఠం చెప్పగలనా?" అని అడిగింది అక్క.

డాక్టరు అబద్ధమాడే మనిషి కాదు. బల్ల మీది కాగితాలు సర్దుతూ ఉండిపోయాడు.

ఆపరేషనుకి ముందు రోజు సాయంత్రమంతా గోడ అవతల అక్క మాట్లాడుతూనే ఉంది. మాటలు తెలియడం లేదు. ఆ బొంగురు గొంతు ఆగడం, మళ్ళీ అందుకోవడం మాత్రం చెల్లెలికి వినిపిస్తోంది. బావ గొంతు ఒక్కసారి కూడా వినపడలేదు.

అక్క ఇంటికి వచ్చేసరికి మెడ కింద చిన్న రంధ్రం, దాని మీద పల్చటి గుడ్డ ఉన్నాయి. ఊపిరి అక్కణ్ణుంచే. పెదవులు కదిలితే మాట ఉండదు. పలకా బలపం కొనిచ్చాడు బావ. చెల్లెలికి మాత్రం చాలాసార్లు పలక అవసరం పడేది కాదు. చిన్నప్పుడు ఒకే మంచం మీద పడుకుని, అమ్మకి తెలియకుండా పెదవులతో కబుర్లాడుకున్న పిల్లలు వాళ్ళు.

ప్రిన్సిపాల్ చెల్లెల్ని పిలిపించాడు. బయాలజీ పిల్లలకి కిరణజన్య సంయోగక్రియ ఇంకా మొదలే కాలేదు. కొత్త లెక్చరర్ వచ్చేదాకా ఎవరో ఒకరు చెప్పాలి.

"అదెలాగూ సగం కెమిస్ట్రీయే కదమ్మా. మీకు మంచినీళ్ళు తాగినంత సులువు," అన్నాడాయన.

సులువనే అనుకుంది ఆమె. మొదటి రోజే బోర్డు నిండా సమీకరణాలు రాసి, ఒక్కో ఎలక్ట్రాన్ ఎక్కడ బయల్దేరి ఎక్కడ దిగుతుందో బాణాలు గీసింది. తప్పు లేదు, అక్షరం పొల్లు పోలేదు. వెనక్కి తిరిగి చూస్తే క్లాసంతా కొయ్యబారిపోయి ఉంది. మూడో బెంచీలో ఒకమ్మాయి చెయ్యెత్తింది. ప్రతి పాఠంలో ఏదో ఒకటి అడుగుతుంది కాబట్టి అక్క ఆ పిల్లని సందేహం అని పిలిచేది.

"మేడమ్, కెమిస్ట్రీ అంటే భయమేసే మేం బయాలజీకి వచ్చాం. ఇందులో మొక్క ఎక్కడుంది?"

క్లాసులో సన్నగా నవ్వులు. ఆమె ఒళ్ళు మండింది. "మొక్కలు కావాలంటే తోటలోకి వెళ్ళు. ఇక్కడ పాఠం జరుగుతోంది," అంది. ఆ పిల్ల తల దించుకుని కూర్చుంది. ఆ తర్వాత గంట కొట్టేదాకా ఒక్క చెయ్యి లేవలేదు.

ఇంటికి వచ్చేసరికి అక్క పలక పట్టుకుని గుమ్మంలోనే కాచుక్కూచుంది. "సందేహం ఏమడిగింది?" అని రాసి చూపించింది.

"ఏమీ అడగలేదు. అందరూ బుద్ధిగా విన్నారు."

అక్క మొహం వాడిపోయింది. పలక తుడిచి, మెల్లిగా రాసింది. "అడగలేదా, అడగనివ్వలేదా?"

చెల్లెలు చెప్పులు విప్పే నెపంతో వంగింది. చివరికి జరిగిందంతా చెప్పింది. అక్క కోప్పడలేదు. పక్కన కూర్చోబెట్టుకుని రాయడం, తుడవడం, మళ్ళీ రాయడం. "నీకు నిజం ముందు కనిపిస్తుంది. వాళ్ళకి ఆకు ముందు కనిపించాలి. ఆకులోంచి లోపలికి తీసుకెళ్ళు. అక్కడ నీ రాజ్యమే." పలక కింద కాస్త ఖాళీ మిగిలితే ఇరికించి రాసింది. "ఆమ్లమా, పిల్లల్ని కాల్చకు."

మర్నాడు చెల్లెలు చేతిలో ఒక కొమ్మతో క్లాసుకి వెళ్ళింది. ముందుగా సందేహం బెంచీ దగ్గర ఆగి, "నిన్న నువ్వడిగింది సరైన ప్రశ్నే. నేనే అడ్డగోలుగా మాట్లాడాను," అంది. పిల్లలు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. ఆమ్లం మేడమ్ తగ్గి మాట్లాడటం ఆ కాలేజీలో ఎవరూ ఎరగరు.

అప్పట్నుంచి పాఠం మెల్లమెల్లగా నడిచింది. బ్యాటరీ తీగలు నీళ్ళలో పెట్టి బుడగలు తెప్పించి చూపించింది. నీటిని విడగొట్టడం ఎంత కష్టమో చెప్పింది. "మరి ఆకు దగ్గర బ్యాటరీ లేదు కదా మేడమ్, చడీచప్పుడు లేకుండా ఎలా విడగొడుతోంది?" అంది సందేహం. అంతకన్నా మంచి ప్రశ్న తన కెమిస్ట్రీ క్లాసులో ఎవరూ అడగలేదు. ఆక్సిజన్ బొగ్గుపులుసు గాలిలోంచి వస్తుందనుకునేవాళ్ళు క్లాసులో సగం మంది. కాదు, నీళ్ళలోంచే వస్తుందని చెబితే వాళ్ళు నమ్మలేదు. కొందరు ఇంటికెళ్ళి వాదించుకుని మరీ వచ్చారు.

సాయంత్రాలు అక్కకి ఇవన్నీ పూసగుచ్చినట్టు చెప్పేది. అక్క కళ్ళు మెరిసేవి. ఎవరు ఏ బెంచీలో కూర్చున్నారో, ఎవరు నిద్రపోయారో కూడా అడిగేది.

పాఠం చివర్లో ఒక ప్రయోగం పెట్టుకుంది చెల్లెలు. పాలకూర నూరి, గుడ్డలో వడగట్టి, ఆ పచ్చటి రసంలో ఒక నీలిరంగు మందు కలపాలి. వెలుతురులో పెడితే ఆకులోని హరితరేణువులు నీళ్ళలోంచి లాగిన ఎలక్ట్రాన్లు ఆ రంగుకి అందుతాయి, నీలం విరిగిపోతుంది. చీకట్లో పెట్టిన గాజు గొట్టంలో నీలం అలాగే ఉండిపోతుంది. మొదటిసారి చేస్తే రెండు గొట్టాలూ నీలంగానే ఉండిపోయాయి. పిల్లల ముందు తల కొట్టేసినట్టయింది.

"దేంట్లో నూరావు?" అని రాసింది అక్క.

"మామూలు కల్వంలోనే."

అక్క నుదురు కొట్టుకుంది. "మంచులో పెట్టి చల్లబరచాలి. కల్వం, రసం, గుడ్డ, అన్నీ. వేడికి హరితరేణువులు చచ్చిపోతాయి. అవి ప్రాణమున్నవి, నీ సీసాల్లో ఉప్పులు కావు." కాసేపాగి, పలక తుడిచి మళ్ళీ రాసింది. "రేపు నేనూ వస్తాను."

బావ ఎప్పట్లాగే సైకిలు మీద దింపాడు. అక్క మెడకి శాలువా చుట్టుకుని ప్రయోగశాలలోకి రాగానే పిల్లలంతా లేచి నిలబడ్డారు. అక్క అలవాటు చొప్పున నోరు తెరిచింది. పెదవులు కదిలాయి, శబ్దం రాలేదు. చెయ్యి మెడ మీది గుడ్డ దగ్గరికి వెళ్ళి అక్కడే ఆగింది. సందేహం గబుక్కున, "గుడ్ మార్నింగ్ మేడమ్, కూర్చుంటాం మేడమ్," అంటూ కూర్చుంది. మిగతావాళ్ళూ కూర్చున్నారు.

ఈసారి అంతా మంచులో చేశారు. రెండు గొట్టాల్లో ఒకదానికి నల్లకాగితం చుట్టి, రెండోది కిటికీలో ఎండకి పెట్టారు. పిల్లలు కిటికీ చుట్టూ మూగారు. నీలం పల్చబడింది, ఇంకా పల్చబడింది, చివరికి ఆకు పచ్చ ఒక్కటే మిగిలింది. నల్లకాగితం విప్పితే ఆ గొట్టంలో నీలం ఎక్కడిదక్కడే ఉంది. క్లాసంతా కేరింతలు కొట్టింది.

అక్క లేచి బోర్డు దగ్గరికి నడిచింది. సుద్దముక్క తీసుకుని పెద్ద ఆకు గీసింది. ఈనెలు గీసింది, వేరు నుంచి నీరు ఎక్కే దారి గీసింది, నీరు విరిగే చోట ఆగి, సుద్దముక్క చెల్లెలికి అందించింది. చెల్లెలు అక్కణ్ణుంచి బాణాలు గీస్తూ చెప్పసాగింది. మళ్ళీ ఆకు వచ్చిన చోట సుద్ద అక్క చేతికి వెళ్ళింది. ఒకళ్ళు గీయడం, ఒకళ్ళు చెప్పడం. గంట కొట్టినా ఎవరూ కదల్లేదు. వరండాలోంచి వెళ్తున్న ప్రిన్సిపాల్ కాసేపు తలుపు దగ్గర నిలబడి, చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోయాడు.

స్టాఫ్ రూములో ఇద్దరే మిగిలినప్పుడు అక్క చాలాసేపు రాసింది. "నాకన్నా బాగా చెప్పావు. సంతోషంగా ఉంది. ఏడుపూ వస్తోంది. రెండూ రాశాను, నీకు కావలసింది చదువుకో. ఇక నేను రాను."

"ఎందుకు రావు? రోజూ రా. నువ్వు గీస్తే నేను చెబుతా," అంది చెల్లెలు.

అక్క తల అడ్డంగా ఊపింది. పలక పక్కన పెట్టి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. చెల్లెలు ఆమె భుజం మీద చెయ్యి వేసింది. ఆ భుజం ఎంత చిక్కిపోయిందో ఆ రోజే తెలిసింది.

చలికాలం వెళ్తుండగా దగ్గు మొదలైంది. ఈసారి జబ్బు ఊపిరితిత్తుల్లోకి దిగిందన్నారు. అక్క మళ్ళీ ఆసుపత్రి మంచమెక్కింది. చెల్లెలు సాయంత్రం వెళ్ళి క్లాసు సంగతులు చెప్పేది. చివరి రోజుల్లో బలపం పట్టుకునే ఓపిక కూడా లేకపోయింది. పెదవులు మాత్రం కదిలేవి. "పిల్లలు ఎలా ఉన్నారు?" అన్నట్టు. "బాగున్నారక్కా, పాఠం అయిపోయింది. అందరికీ అర్థమైంది," అంది చెల్లెలు. అందరికీ అని మామూలుగా ఆమె ఎప్పుడూ అనదు. ఎంతమందికో కచ్చితంగా చెప్పే మనిషి. అక్క అది గమనించినట్టే చిన్నగా నవ్వింది. మర్నాడు పొద్దున పోయింది.

పిల్లలు వచ్చి వీధిలో గుంపుగా నిలబడ్డారు. పూలు తెచ్చినవాళ్ళు తెచ్చారు. సందేహం మాత్రం చెల్లెలి చెయ్యి పట్టుకుని, ఎప్పుడూ ఏదో ఒకటి అడిగే పిల్ల, ఒక్క మాటా మాట్లాడకుండా నిలబడింది.

బావ కంటతడి పెట్టలేదు. వచ్చినవాళ్ళకి కుర్చీలు వేశాడు, వెళ్ళేవాళ్ళని గుమ్మందాకా సాగనంపాడు. తర్వాత కొట్టు తెరిచాడు గానీ రంపం చప్పుడు వినపడేది కాదు. తిండి పెడితే తినేవాడు, లేకపోతే లేదు. కాలేజీకి కొత్త లెక్చరర్ వచ్చాడు. చెల్లెలు తన క్లాసులకి తను వెళ్ళిపోయింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమె కొట్టుకి అన్నం తీసుకెళ్తే, బావ పని బల్ల ముందు కూర్చుని ఉన్నాడు.

"ఒకటి అడగనా?" అన్నాడు. "మీ అక్క రోజూ కాలేజీలో ఏం చెప్పేదో నాకు తెలీదు. ఇన్నేళ్ళు దింపాను, తెచ్చాను. ఆ గేటు లోపల ఏం జరిగేదో తెలీదు. ఆపరేషన్ ముందు రోజు మాట్లాడిందే, అదంతా మా పెళ్ళప్పటి సంగతులు, మా అమ్మ సంగతులు. పాఠం సంగతి నేనడగలేదు. నువ్వు చెబుతావా?"

చెల్లెలు అన్నం గిన్నె పక్కన పెట్టింది. బల్ల మీద ఉన్న చెక్క ముక్క మీద, అతని పెన్సిలుతోనే ఆకు గీసింది. నీళ్ళు వేరు నుంచి ఎక్కడం, గాలిలోని బొగ్గుపులుసు ఆకు రంధ్రాల్లోంచి లోపలికి రావడం, ఎండ తగిలి నీళ్ళు విరగడం, ఆక్సిజన్ బయటికి పోవడం, మిగిలిన దాంతో ఆకు చక్కెర అల్లుకోవడం, ఒక్కొక్కటీ చెప్పింది. బావ మధ్యలో ఆపి అడిగేవాడు. తెలియకపోతే తెలియలేదని చెప్పేవాడు.

"ఈ చెక్కంతా ఆ చక్కెరతోనే తయారైందా?"

"అవును బావా. ఎక్కువ భాగం అదే."

"మట్టిలోంచి కాదూ?"

"మట్టిలోంచి వచ్చేది చాలా కొంచెం. తక్కిందంతా గాలీ నీళ్ళూ."

అతను చెక్క మీద అరచెయ్యి ఆనించాడు. "నేనిన్నాళ్ళూ గాలికి చిత్రిక పడుతున్నానన్నమాట," అన్నాడు. నవ్వబోయి, నవ్వలేకపోయాడు. "ఇంత మంచి సంగతి. నాకెందుకు చెప్పలేదు తను?"

చెల్లెలు ఏదో సర్ది చెప్పబోయింది. కానీ బావ తనకు తానే జవాబు చెప్పుకున్నట్టు తల ఊపాడు. రెండు చేతులతో మొహం కప్పుకుని, అక్క పోయిన తర్వాత మొదటిసారిగా వెక్కి వెక్కి ఏడ్చాడు. చెల్లెలు అడ్డు చెప్పలేదు. కొట్టు తలుపు ఓరగా వేసి వచ్చి పక్కన కూర్చుంది.

ఏడుపు తగ్గాక అతను చొక్కా చేతితో మొహం తుడుచుకున్నాడు. "నీళ్ళు విరగడం దగ్గర సరిగ్గా అర్థం కాలేదమ్మా. అక్కణ్ణుంచి మళ్ళీ చెప్పు," అన్నాడు.

చెల్లెలు పెన్సిలు తీసుకుంది.