జేబుల్లో చేతులు

డ్వేన్ ప్రూయిట్ పడవ పక్కటెముకల దగ్గర అరచెయ్యంత సొట్ట ఒకటి ఉంది. దాని కింద ఎర్ర రంగుతో, వంకర అక్షరాల్లో 'మార్గిట్ సంతకం' అని రాసి ఉంటుంది. ఎవరు కొత్తగా వచ్చినా డ్వేన్ ముందు ఆ సొట్ట చూపిస్తాడు, తర్వాతే కాఫీ ఇస్తాడు. మార్గిట్ ప్రతిసారీ నవ్వుతుంది. ఆ నవ్వు గొంతులో పుట్టి పెదాల మీదికొస్తుంది, అంతకంటే కిందికి దానికి వేర్లు లేవని ఆమెకి తెలుసు.

ఆ సొట్ట పడింది ఐదేళ్ల కిందట. మార్గిట్ అప్పటికి స్కూలు బస్సు నడపడం మానేసి ఏడాది కూడా కాలేదు. ఇల్లమ్మేసి, ఒక పాత మోటారు పడవ కొనుక్కుని, దానికి 'లాస్ట్ స్టాప్' అని పేరు పెట్టుకుని, పడవల్లోనే కాపురాలుండే రేవు, ఈ హెరాన్ కోవ్ మెరీనాకి వచ్చేసింది. ఇక్కడ పడవలు కట్టేసే, నీటి మీద తేలే చెక్క వంతెనలకి అక్షరాలే పేర్లు. మొదట డి వంతెన దగ్గర ఉండేది. సి వంతెన దగ్గర చోటు దొరికితే పడవని తనే నడుపుకుంటూ తెచ్చింది. పడవ వస్తుంటే చేతిలో పని వదిలేసి తాడు అందుకోవడానికి పరిగెత్తడం ఇక్కడివాళ్ల ఆచారం. ఆరోజు కూడా అందరూ పరిగెత్తుకొచ్చారు. అందరి కళ్ల ముందే లాస్ట్ స్టాప్ తోక ఊగి డ్వేన్ పడవని గుద్దింది. ఆ చప్పుడు ఆమె ఎముకల్లో ఉండిపోయింది.

అప్పట్నుంచి తాళ్లు విప్పలేదు. అలా విప్పకుండానే ఆమె జీవితం ఎంత చక్కగా అమరిపోయిందంటే, అందులో ఏదో లేదన్న సంగతి ఆమెకే గుర్తుండేది కాదు. పొద్దున్నే లేచి, రాత్రి నీటికుక్కలు వంతెన మీద వదిలేసిపోయిన చేపముళ్లు ఊడ్చేది. పోటు తగ్గినప్పుడు ఒడ్డుకెక్కే దారి గోడలా నిటారుగా నిలబడేది, బట్టల బండి దాని మీదికి తొయ్యడానికి ఎవరో ఒకరు వెనకనుంచి చెయ్యి వేసేవాళ్లు. చలికాలంలో అందరూ ఒకేసారి హీటర్లు పెట్టుకుంటే వంతెనంతా కరెంటు పోయేది, అప్పుడు అందరూ దుప్పట్లు కప్పుకుని బయటికొచ్చి ఒకరినొకరు తిట్టుకునేవాళ్లు. ఆమెకి ఆ తిట్లంటే ఇష్టం. నలభై మంది పిల్లల అరుపుల మధ్య ముప్ఫయ్యేళ్లు గడిపి కూడా ఆమె ఒంటరి మనిషే, ఇక్కడికొచ్చాకే మొదటిసారి ఒక గుంపులో మనిషైంది. ఆదివారం ఆదివారం ఇంజను తిప్పేది. కట్టేసిన గుర్రానికి దాణా పెట్టినట్టు కాసేపు తిప్పి, ఆపేసి, గుడ్డతో తుడిచేది.

అక్టోబరులో మెరీనా మేనేజరు విట్‌లాక్ వంతెన మీదికొచ్చాడు. కుర్రాడు, మంచివాడు, చెడ్డ వార్త చెప్పేటప్పుడు కిందికి చూస్తాడు. బీమావాళ్లు పట్టుబడుతున్నారట. కాపురమున్న ప్రతి పడవా ఈ శనివారం తన ఇంజనుతో తను కదిలి, రాళ్ల గట్టు చుట్టి వచ్చి, తన చోట్లో ఆగాలి. స్టీరింగు చక్రం యజమాని చేతిలోనే ఉండాలి. కుదరకపోతే పడవ ఉండొచ్చు, అందులో మనిషి ఉండడానికి వీల్లేదు.

"అంటే ఇల్లుంటుంది, ఇంట్లో నేనుండకూడదు," అంది మార్గిట్.

"నేను పెట్టిన రూలు కాదండీ," అన్నాడు విట్‌లాక్, తన బూట్లతో.

శుక్రవారాలు వంతెన మీద సూపు. పక్క పడవలో ఉండే రోసలిండా అబాయా కాస్తుంది. పూర్వం ఫెర్రీల్లో వంటమనిషి, అల్లమూ కోడీ వేసి అన్నాన్ని జావలా ఉడికిస్తే వాసనకే సగం వంతెన గిన్నెలు పట్టుకుని వచ్చేస్తుంది. ఆరోజు మార్గిట్ గిన్నె అందుకుందే గానీ తినలేదు.

"ఏం డ్రైవరమ్మా," అన్నాడు డ్వేన్, గడ్డానికంటిన జావ తుడుచుకుంటూ, "రేపు నా పడవకి రెండో వైపు కూడా సంతకం పెడతావా? పెట్టేపనైతే ఇప్పుడే చెప్పు, రంగు కలిపి ఉంచుతాను."

"నోరు మూసుకుని మింగు ముసలాడా," అంది రోసలిండా. "అక్కా, నువ్వు వాడి మాట వినకు. పోయిన నెల కరెంటు తీగ పీకడం మర్చిపోయి బయల్దేరిన మహానుభావుడు వీడు. స్తంభాన్ని కూడా షికారు తీసుకెళ్దామనుకున్నాడు."

అందరూ నవ్వారు, అందరికంటే గట్టిగా డ్వేనే. తర్వాత గొంతు తగ్గించాడు. "నిజంగా చెబుతున్నాను. నేనొచ్చి చక్రం పట్టుకుంటాను. నువ్వు నా ముందు నిలబడు. విట్‌లాక్ దూరం నుంచి చూస్తాడు, వాడికేం తెలుస్తుంది? ఇరవై నిమిషాల పని."

ఆ మాటలో ఎగతాళి లేదు. అందుకే అది లోతుగా దిగింది. మార్గిట్ సరేననబోయింది. ఆ సరే నాలుక చివరిదాకా వచ్చి ఎంత తీయగా ఉందో చూసి భయపడింది. అది గనక బయటికొస్తే రేపట్నుంచి ఈ ఇల్లు తనది కాదు, తన మీద జాలిపడ్డవాళ్లది. జాలి కూడా అద్దెలాంటిదే, నెలనెలా గుర్తుచేస్తుంది.

"వద్దు డ్వేన్. నేనే తిప్పుతాను."

"తిప్పు తల్లీ," అన్నాడు డ్వేన్. "నా పడవకి దెబ్బ తగలకుండా నేను రబ్బరు బుడ్లు వేలాడదీసుకుంటాను."

పొద్దున లేచి చూస్తే అన్నంత పనీ చేశాడు. తనవీ, అరువు తెచ్చినవీ, పడవకి ఇటువైపంతా రబ్బరు బుడ్లు ద్రాక్షగుత్తుల్లా వేలాడుతున్నాయి. దక్షిణం నుంచి గాలి కూడా లేచింది. మార్గిట్ పసుపు కరెంటు తీగ పీకి చుట్ట చుట్టింది. ఇంజను తిప్పింది. తాళ్లు విప్పబోతే ముడులు రాయిలా బిగుసుకున్నాయి, ఒకదాన్ని చివరికి కోసేయాల్సి వచ్చింది.

బయటికి పోవడం కష్టం కాలేదు. వెనక్కి తీసుకుని, తిప్పుకుని, రెండు వరసల పడవల మధ్యనుంచి మెల్లగా నడిపింది. రాళ్ల గట్టు దాటగానే కింద నీరు ఊపిరి పీల్చినట్టు లేచింది. అల్మరాలో గిన్నెలు గలగలమన్నాయి. ఐదేళ్లుగా తను పడుకున్న మంచం, చదువుకున్న దీపం, కిటికీలో తులసిలాంటి చిన్న మొక్క, అన్నీ తనతో కలిసి కదులుతున్నాయి. ఆమెకి ఉన్నట్టుండి కళ్లు చెమ్మగిల్లాయి. ఇల్లు నడుస్తోంది! ఈ సంగతి ఇన్నాళ్లూ ఎలా మర్చిపోయింది?

ఆ సంతోషం తిరుగు దారిలో సి వంతెన కనబడేదాకా ఉంది.

వంతెన మీద అందరూ వరసగా నిలబడి ఉన్నారు. చేతులు చాచారు. ఒకడు పొడుగు కర్ర పట్టుకున్నాడు. రోసలిండా బుడ్డి ఒకటి పొట్టకి హత్తుకుని, అవసరమైతే తనే అడ్డంపడేలా ఉంది. విట్‌లాక్ కూడా మోకాళ్లు వంచాడు. వాళ్లంతా గుద్దుకోవడాన్ని చూడ్డానికి కాదు, గుద్దుకోకుండా ఆపడానికే వచ్చారు. కానీ ఆ చాచిన చేతుల్లో ఆమెకి కనిపించింది ఒకటే, ఆ చప్పుడు. ఇంకా జరగనిది ఆమె ఒంట్లో అప్పుడే జరిగిపోయింది. చక్రం మీద వేళ్లు తనవిలా లేవు.

గేరు వెనక్కి లాగింది. పడవ ఆగింది, వెనక్కి జరిగింది. ఆమె దాన్ని మళ్లీ బయటికి తిప్పేసింది.

"ఎక్కడికి డ్రైవరమ్మా? స్టాపు ఇదే!" డ్వేన్ కేక గాలిలో వెనకే వచ్చింది.

స్టాపు. ఆ మాటకి ఆమె చేతులు ఇంకో చక్రాన్ని గుర్తుచేసుకున్నాయి. పెద్దది, బల్లపరుపుగా ఉండేది. స్టాపులో ఆగిన బస్సు ముక్కుని గబుక్కున కుడికి తిప్పితే తోక ఎడమకి ఊగి పక్కనున్న కారుని గీకేస్తుంది. కొత్త డ్రైవర్లకి తను మొదటి రోజే నేర్పే పాఠమది. ముక్కుతో పని లేదు, తోకని చూసుకోండి అని ఎన్నిసార్లు చెప్పింది! ఆ రోజు కుడి పక్కనున్న డ్వేన్ పడవని గుద్దింది తోకే. తోక కుడికి ఊగాలంటే ముక్కు ఎడమకి, వంతెన వైపుకి తిరిగి ఉండాలి. తను తిప్పిందా?

తను తిప్పలేదు. చక్రం తిన్నగానే ఉంది. ఇన్నాళ్లూ తలుచుకోవడానికే భయపడి మూసిపెట్టిన ఆ క్షణాన్ని ఇప్పుడు, రాళ్ల గట్టుకీ పడవలకీ మధ్య, ఆమె నిదానంగా తెరిచి చూసింది. ముక్కు దగ్గర ఒక తాడు. ఆ తాడు చివర ఒక నారింజ రంగు గ్లౌజు. సాయం చేద్దామన్న ఆత్రంతో ఒళ్లంతా వెనక్కి వాల్చి లాగుతున్న ఒక మనిషి.

ఆమెకి కోపం రాలేదు. అది వస్తుందేమోనని చూసింది కూడా. వచ్చింది వేరే ఏదో, చాలాకాలం మోసిన బరువు దింపాక చేతులు వాటంతటవే పైకి లేస్తాయే, అలాంటిది.

రెండోసారి ఇంకా మెల్లగా వచ్చింది. వంతెన ఎడమ పక్కకి, సొట్టపడ్డ పడవ కుడి పక్కకి వచ్చాయి. వరస చివర్న డ్వేన్ నారింజ గ్లౌజు చాచాడు.

"ముక్కు తాడు విసురు! విసురు, లాగేస్తాను!"

మార్గిట్ పక్క కిటికీ అద్దం తీసింది. ఆ తర్వాత వచ్చిన గొంతు ఐదేళ్లుగా ఎవరూ వినలేదు, ఆమె కూడా. నలభై మంది పిల్లల్ని సీట్లకి అతికించే గొంతు అది.

"ఎవరి చేతులు వాళ్ల జేబుల్లో! అందరూ! తాడు ముట్టుకున్నవాడు దిగి నడిచిపోతాడు!"

పొడుగు కర్ర కింద పడింది. విట్‌లాక్ చేతులు జేబుల్లోకి ఎలా పోయాయో అతనికే తెలియదు. రోసలిండా బుడ్డి వదిలేసి ఏప్రన్ జేబు వెతుక్కుంది. డ్వేన్ ఒక్కడే నోరు తెరుచుకుని నిలబడ్డాడు. చాచిన చెయ్యి చూసుకున్నాడు. మెల్లగా, ఇష్టం లేకుండా, దాన్నీ జేబులో పెట్టుకున్నాడు.

ఇప్పుడు వంతెన మీద చేతులు లేవు. గాలీ నీరూ పడవా ఉన్నాయి. ముక్కు లోపలికి దూరింది. మార్గిట్ గేరు వెనక్కి వేసింది. ఈ పడవకి ఒక గుణముంది, వెనక్కి వేస్తే తోక ఎప్పుడూ ఎడమకే జరుగుతుంది. దాన్ని ఆమె ఇన్నాళ్లూ తన చేతగానితనం అనుకుంది. ఇప్పుడు దాన్ని పోనిచ్చింది. తోక తనంతట తను, అలవాటైన పక్కలోకి ఒదిగే మనిషిలా, వంతెన వైపుకి ఒరిగింది. పడవ ఆగింది. కుడి పక్కన డ్వేన్ బుడ్లు ఒక్కటి కూడా కదల్లేదు.

ఆమె బయటికి నడిచింది, పరిగెత్తలేదు. నడిమి తాడు పట్టుకుని వంతెన మీదికి దిగి, ఇనుప కొమ్ముకి చుట్టి, ముడి వేసింది. అప్పుడు లేచి నిలబడి అందరినీ చూసింది.

"ఇంక చేతులు తియ్యొచ్చు."

వంతెన ఊగిపోయింది. రోసలిండా వచ్చి మీద పడ్డ ఊపుకి ఇద్దరూ నీళ్లలో పడబోయారు. ఎవరో పొగమంచులో మోగించే బూర ఊదారు. విట్‌లాక్ ఈసారి ఆమె మొహంలోకే చూస్తూ, "మీరు ఉంటారండీ. ఇక్కడే ఉంటారు," అన్నాడు. ఇంకేదో చెప్పబోయి, చేతులు ఇంకా జేబుల్లోనే ఉన్నాయని చూసుకుని నవ్వేశాడు.

డ్వేన్ మాత్రం తన పడవ పక్కన వంగి సొట్టకేసి చూస్తున్నాడు. మార్గిట్ వెళ్లి పక్కన నిలబడింది.

"డ్రైవరమ్మా."

"ఊఁ."

"ఆ రోజు తోక ఎందుకూగిందో..."

"ఎందుకూగింది?"

డ్వేన్ కుడిచేతి గ్లౌజు విప్పి, దాన్ని ఎప్పుడూ చూడనట్టు అటూ ఇటూ తిప్పాడు. చెవులు ఎర్రబడ్డాయి. పడవలోకి పోయి, రంగు డబ్బా, కుంచె తెచ్చి, సొట్ట కింద మోకాళ్ల మీద కూర్చున్నాడు. పాత అక్షరాల కింద కొత్తవి పడ్డాయి, అవీ వంకరే. 'సాక్షి: డ్వేన్' అని రాశాడు. చూసుకున్నాడు. 'సాక్షి' కొట్టేసి పైన 'తాడు లాగినవాడు' అని దిద్దాడు.

మార్గిట్‌కి నవ్వొచ్చింది. అది ఎక్కడ పుట్టిందో ఈసారి ఆమె గమనించలేదు, గమనించే తీరికివ్వలేదు ఆ నవ్వు. పొట్ట పట్టుకుని వంతెన మీద కూలబడింది.

"సూపు మిగిలిందా రోసలిండా?" అంది ఊపిరి తిరిగాక.

"నిన్న నువ్వు ముట్టనిదంతా ఉందక్కా. వేడి చెయ్యనా?"

"గిన్నెతో సహా నా పడవలోకి తీసుకురా. గట్టు అవతల తిందాం."

"మళ్లీ వెళ్తారా?" అన్నాడు విట్‌లాక్. "అయిపోయిందిగా పరీక్ష."

"అందుకే వెళ్తున్నాను," అంది మార్గిట్, ఇందాక తను వేసిన ముడి తనే విప్పుతూ.

ఎక్కినవాళ్లు ఎక్కారు. సూపు గిన్నె రోసలిండా ఒళ్లో కూర్చుంది. గట్టు దాటేటప్పుడు నీరు లేచి అందరూ ఒకరి మీదొకరు పడి అరిచారు. చక్రం పక్కన డ్వేన్ బుద్ధిగా నిలబడి ఉన్నాడు, చేతులు రెండూ జేబుల్లో.