పన్నెండు వేల దూరం

నేను చేసే ఉద్యోగంలో మాట్లాడాల్సింది తక్కువ. ఆస్పత్రి రెండో అంతస్తులో చివరి గది నాది. నిద్ర పట్టనివాళ్ళు, లిఫ్టు ఎక్కాలంటే భయపడేవాళ్ళు, కారణం తెలియకుండా ఏడుపొచ్చేవాళ్ళు వస్తారు. ఒక ప్రశ్న అడిగి ఊరుకుంటాను. మౌనాన్ని ఎవరూ ఎక్కువసేపు మోయలేరు. బరువు దించుకోవడానికి నోరు తెరుస్తారు, ఆపైన వాళ్ళే అంతా చెప్పేస్తారు. పదహారేళ్ళుగా ఇదే పని. అందుకని కారు బేరం నాకు ఒక లెక్కలోది కాదనుకున్నాను.

కారు నాకు కాదు. మా ఆవిడ ఫిజియోథెరపిస్టు. మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి కాళ్ళూ చేతులూ ఆడించి, వీలైతే నిలబెట్టి, ఇంకా వీలైతే నడిపిస్తుంది. ఊరి చివర కొండమీది కాలనీల్లో పదకొండుమంది రోగులను ఒక సంస్థ ఆమెకు అప్పగిస్తానంది. సోమవారం నుంచి రావాలి, సొంత బండిలో రావాలి. కుదరకపోతే ఆమె వెనక వరసలో ఇంకొకరున్నారు. మడత మంచం, రెండు వాకర్లు, ఇసుక సంచులు బండిలో పట్టాలి, బండి కొండెక్కాలి. మా పాత కారు ఆ ఎత్తు చూసి రెండుసార్లు పొగలు కక్కి మూడోసారి ప్రాణం వదిలింది. అందుకని చిన్న ఎస్‌యూవీ ఒకటి కొనాలనుకున్నాం.

శనివారం పొద్దున ఆమె చెక్కు నా చేతిలో పెట్టింది. "నాకు ఇవాళ ఇద్దరు పేషెంట్లున్నారు. నువ్వెళ్ళి తీసేసుకో. తగ్గిస్తే తగ్గించారు, లేకపోతే లేదు. సాయంత్రానికి బండి మనదవ్వాలి."

"న్యాయమైన ధరకి," అన్నాను.

"సాయంత్రానికి," అంది.

ఆమె వాళ్ళ నాన్నను బంధువులు చాటుగా సగం మామ అంటారు. ఏ ధర విన్నా ఆయన నోట వచ్చే మొదటి మాట దానిలో సగం. కూరగాయలకే కాదు, పన్ను పీకినందుకూ అంతే. ఆ ఇంట్లో బేరమాడటం మగతనం కంటే ముందు వరసలో ఉంటుంది. పెళ్ళైన కొత్తలో నేనొక మిక్సీని చెప్పిన ధరకు కొనుక్కొచ్చాను. "మా అల్లుడు దేవుడయ్యా, అడిగిందల్లా ఇచ్చేస్తాడు," అని ఆయన నలుగురిలో అన్నాడు. నలుగురూ నవ్వారు, నేనూ నవ్వాను. అలాంటి నవ్వు నవ్వానని నా దగ్గరికొచ్చినవాళ్ళెవరైనా చెబితే, మూడు వారాలు ఆ ఒక్క నవ్వు గురించే మాట్లాడించేవాణ్ణి.

బయల్దేరబోతుంటే ఆయనే ఫోన్ చేశాడు. "అల్లుడూ, లేచి వచ్చెయ్యడం చేతకానివాడికి బేరం రాదు. లేచావా, ఇంక వెనక్కి చూడకు. గడప దాటేలోపు వాడే పిలుస్తాడు. మొదటిసారి పిలిస్తే పలక్కు. రెండోసారికి ఇంకా దిగుతాడు."

"మీరు కారెప్పుడు కొన్నారు మావయ్యా?"

"కారైనా కాకరకాయైనా అమ్మేవాడి గుండె ఒకటేనయ్యా."

నేను ఆయన మాట మీద వెళ్ళలేదు. నాకు నా శాస్త్రం ఉంది. ఆ వారంలోనే ఇంకో ఇద్దరు డీలర్ల దగ్గరికి వెళ్ళొచ్చాను. ఊరికి ఆ చివరనున్న డీలరు ఇదే బండికి నలభై వేలు తగ్గిస్తానని తన కార్డు వెనక రాసిచ్చాడు, కాకపోతే మూడు వారాలు ఆగాలన్నాడు. అంటే నలభై వేలు తగ్గించినా వాళ్ళకు గిట్టుతుందన్నమాట. అది న్యాయమైన ధర. ఆ కార్డు జేబులో పెట్టుకుని, తెల్లారే పెళ్ళికి తాళి మోసుకెళ్తున్నంత జాగ్రత్తగా షోరూంకి వెళ్ళాను.

లోపల చలి, కొత్త రబ్బరు వాసన. ఒక మూల తెల్ల బండి నిలబడి ఉంది. పోయినేడాది తయారైంది, ఆ ధరకు అదొక్కటే మిగిలింది. సేల్స్‌మన్‌కు ముప్పై అయిదేళ్ళుంటాయి. టై కట్టుకున్నాడు కానీ అది ఇంకెవరి పెద్ద మెడకో కొన్నదిలా ఉంది. కూర్చోబెట్టి నీళ్ళిచ్చి, "బండి ఎవరికోసం సార్?" అని అడిగి ఊరుకున్నాడు.

ఎంత బాగా వింటున్నాడో అనుకున్నాను. కొండ గురించి, పదకొండుమంది గురించి, మడత మంచం గురించి చెప్పాను. సోమవారం గురించి కూడా చెప్పాను. ఆయన తల ఊపుతూ ఒక్క మాటకూ అడ్డు రాలేదు.

తరవాత ధరల కాగితం ముందుపెట్టి, క్యాలిక్యులేటరు నా వైపు తిప్పాడు, పురిట్లో బిడ్డను తండ్రికి చూపించినట్టు.

"ఇందులో హ్యాండ్లింగ్ చార్జీ అంటే ఏంటి?" అన్నాను.

"బండిని గోడౌన్ నుంచి ఇక్కడికి తెచ్చినందుకు సార్."

"తేకుండా ఎలా అమ్ముతారు?"

నవ్వి కాగితంలో ఆ పద్దు కొట్టేశాడు.

"ఈ ప్యాకేజీ?"

"మ్యాట్లు, సీటు కవర్లు, అడుగున తుప్పు పట్టకుండా పూత. తప్పనిసరి సార్."

"ఎవరు తప్పనిసరి చేశారు?"

"అందరూ తీసుకుంటారు సార్."

"అందరూ జలుబు కూడా తెచ్చుకుంటారు."

"మేనేజర్ గారిని అడిగొస్తాను," అని లేచాడు. మేనేజరుది అద్దాల గది. నేను కూర్చున్నచోటికి అంతా కనిపిస్తోంది. మేనేజరు అన్నం తింటున్నాడు. సేల్స్‌మన్ గోడకానుకుని ఫోన్ చూసుకున్నాడు, మొహం తుడుచుకున్నాడు. ఇద్దరి పెదాలూ కదల్లేదు. నాలుగు నిమిషాల తరవాత రొప్పుతూ తిరిగొచ్చాడు.

"మీకోసం లోపల గొడవపడ్డాను సార్. ఇరవై ఎనిమిది వేలు తగ్గిస్తామన్నారు. ఇంక పైసా తగ్గదు."

కార్డు తీసి బల్లమీద పెట్టాను. "అక్కడ నలభై."

ఆయన కార్డు తిప్పి చూసి, దుమ్ము దులిపి నాకే ఇచ్చాడు. "అక్కడ మూడు వారాలు సార్. మేడమ్‌గారికి సోమవారం కదా."

అప్పుడు తెలిసింది, ఇందాక ఆయన నన్ను ఏం చేశాడో. నా గదిలో రోజూ నేను చేసేదే చేశాడు, ఫీజు తీసుకోకుండా. ఒళ్ళు మండింది. అయినా మొహంలో కనిపించనివ్వకుండా నా చివరి ఆయుధం తీశాను. మౌనం. ఆయన దగ్గరా అదే ఉంది. ఇద్దరం బల్లకు చెరోవైపు కూర్చుని ఒకరినొకరం సానుభూతిగా చూసుకున్నాం. గోడ గడియారంలో పదకొండు నిమిషాలు గడిచాయి. మధ్యలో ఆయన నా గ్లాసులో నీళ్ళు నింపాడు. ఆ మర్యాదే నన్ను చంపింది. లేచాను.

షోరూంకి గడప లేదు. అద్దం తలుపు నేను చేరకముందే తనంతట తానే తెరుచుకుంది. వెళ్ళేవాడికి అంత సాయం చెయ్యకూడదు. మెట్లు దిగాను, ఎవరూ పిలవలేదు. గేటు దాటాను, పిలవలేదు. రోడ్డు దాటాక ఎదురుగా బస్టాపు కనబడితే కూర్చున్నాను. అక్కణ్ణుంచి షోరూం మొత్తం కనిపిస్తోంది. అంటే షోరూంకి నేను కూడా మొత్తం కనిపిస్తున్నాను.

మనిషి ఏ పని చేసినా ముందు చేసేసి తరవాత కారణం వెతుక్కుంటాడని నేను అందరికీ చెబుతుంటాను. ఇప్పుడు నాకు కారణాలు వరసగా దొరికాయి. ఆయన కమీషన్ నా సంతకంలో ఉంది. నెలాఖరు. పాత తయారీ బండి ఎన్నాళ్ళని ఉంచుకుంటారు? మా మధ్య తేడా పన్నెండు వేలు. మా ఆవిడకు కొండమీద నాలుగు రోజుల సంపాదన. ఆ నాలుగు రోజులనూ కాపాడటానికే నేను ఎండలో కూర్చున్నానని గట్టిగా నమ్మాను.

పక్కన గొడుగు ఒళ్ళో పెట్టుకుని ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. "ఏ నంబరు బస్సు బాబూ?"

"వస్తుందండీ."

"మూడు వెళ్ళిపోయాయి. ఇక్కడ ఆగేవి నాలుగే, ఆ నాలుగోది నాది."

నేను షోరూం వైపే చూస్తున్నాను.

"ఇంట్లో గొడవా?" అన్నాడు మెల్లగా.

అప్పుడే నా ఫోన్ మోగింది. షోరూం నంబరు. తలెత్తి చూస్తే అద్దం వెనక సేల్స్‌మన్ చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని ఇటే చూస్తున్నాడు. ఛాతీలో ఏదో వెచ్చగా విచ్చుకుంది. పిలిచాడు. మొదటి పిలుపుకు పలికితే నలభై, రెండోదానికి నలభై అయిదు. ఫోన్ మోగనిచ్చాను. పదహారేళ్ళ చదువూ అనుభవమూ ఉన్న నేను, పన్ను పీకించుకుని సగం ఇస్తానన్న మనిషి సిద్ధాంతం మీద నమ్మకం పెట్టి ఆకాశంలోకి చూస్తూ కూర్చున్నాను. మోగి మోగి ఆగిపోయింది.

"ఎత్తలేదేం?" అన్నాడు పెద్దాయన. "ఎంత కోపమైనా ఫోనెత్తాలి బాబూ. ఆడవాళ్ళు దాన్ని ఏళ్ళ తరబడి గుర్తుపెట్టుకుంటారు."

రెండో ఫోన్ రాలేదు. పెద్దాయన బస్సొచ్చి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం రెండు దాటాక ఒక జంటా, వాళ్ళతో ఒక ముసలావిడా షోరూంలోకి వెళ్ళారు. కాసేపటికి తెల్లబండి చుట్టూ కదలిక మొదలైంది. ఒకడు అద్దాలు తుడిచాడు, ఒకడు తాత్కాలిక నంబరు కాగితం అంటించాడు. జంట బండి ముందు నిలబడి ఫోటో దిగింది. నాకు నవ్వొచ్చింది. పోటీదారుణ్ణి చూపించి కంగారుపెట్టడం పుస్తకాల్లో మొదటి అధ్యాయం. కానీ నటులను ఇంత త్వరగా ఎక్కణ్ణుంచి తెచ్చారో, ముఖ్యంగా ఆ ముసలావిణ్ణి. మనసులోనే మెచ్చుకున్నాను.

మా ఆవిడ ఫోన్ చేసింది. "అయిందా?"

"అవుతోంది."

"ఎక్కడున్నావు?"

"బస్టాపులో."

"వస్తున్నాను," అని పెట్టేసింది.

పేషెంటు ఇంటి నుంచి తిన్నగా ఆటోలో వచ్చింది, మడత మంచంతో సహా. మంచం బస్టాపు బెంచీకి ఆనించి నా పక్కన కూర్చుంది. నేను మొత్తం వివరించాను, ఆయన ఎత్తులు, నా పైఎత్తులు. చెబుతుండగానే తెల్లబండి గేటు దాటి రోడ్డెక్కి మా ముందునుంచే నెమ్మదిగా వెళ్ళింది.

"చూశావా, టెస్ట్ డ్రైవ్," అన్నాను. "నా కళ్ళముందు తిప్పుతున్నారు."

"వెనకసీట్లో ముసలావిడ చెప్పులు విప్పి కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుంది," అంది. "పరాయి బండిలో అలా కూర్చోరు."

రోగుల పాదాలు చూసే మనిషి కదా. ఒక్క చూపుతో తేల్చేసింది. ఆ తరవాత ఒక చెయ్యి మంచం మీద వేసి, "పట్టు," అంది. రెండువైపులా పట్టుకుని రోడ్డు దాటాం. అద్దం తలుపు మా ఇద్దరికీ, మంచానికీ తెరుచుకుంది.

సేల్స్‌మన్ లేచి నిలబడ్డాడు. ఆయన మొహంలో గెలుపు ఉంటే తట్టుకునేవాణ్ణి. నిజంగా బాధ ఉంది. "సార్, మీకు ఫోన్ చేశాను. మేనేజర్ గారు నలభైకి ఒప్పుకున్నారు. మీరెత్తలేదు. బస్టాపులో మిమ్మల్ని చూస్తూనే ఉన్నాను, వచ్చి చెబుదామంటే ఈలోపు వాళ్ళొచ్చారు. పావుగంటలో రాసిన ధరకు తీసేసుకున్నారు. మ్యాట్లతో సహా."

మా ఆవిడ నా వైపు తిరిగింది. "ఫోనొచ్చిందా?"

"వచ్చింది."

"ఎందుకెత్తలేదు?"

ఈ ప్రశ్నకు నా గదిలోనైతే ఎంతసేపైనా ఆగుతాను. ఆమె ఆగలేదు. సేల్స్‌మన్ ఎదురుగా కూర్చుని, "రేపు సాయంత్రానికి నాకు ఇవ్వగలిగిన బండి ఏది?" అంది.

"ఈ ఏడాదిది ఒకటుంది మేడమ్. ఇందాకటి బండి కంటే అరవై అయిదు వేలు ఎక్కువ. రంగు కూడా..." ఆగాడు. "ఆవపిండి రంగు. ఎవరూ అడగడం లేదు."

"కొండమీదివాళ్ళు దూరం నుంచే గుర్తుపడతారు. ఈ మంచం పడుతుందా చూద్దాం."

చూపడానికి పెట్టిన బండిలో వెనకసీటు మడిచి, ముగ్గురం మంచం లోపలికి తోశాం. మూలగా పెడితే సరిపోయింది. సేల్స్‌మన్ టై తలుపులో ఇరుక్కుంటే ఆమే తీసింది.

"మ్యాట్లొద్దు, పూతొద్దు, హ్యాండ్లింగ్ కొట్టెయ్యండి," అంది. "తక్కినదానికి సంతకం ఎక్కడ?"

ఆయన మేనేజరు గదివైపు కూడా చూడకుండా మూడూ కొట్టేసి కాగితం జరిపాడు. చెక్కు నా జేబులోంచి తీసిచ్చాను, తక్కువపడింది ఆమె ఫోన్‌లోంచి కట్టింది. నా పని ఆ చెక్కు మడత విప్పడం.

తిరిగి బస్టాపుకొచ్చాం. చీకటి పడటానికి ఇంకా టైముంది. ఆమె నన్ను తిట్టలేదు. మోకాళ్ళు నొక్కుకుంటూ, సోమవారం ఏ ఇల్లు ముందు, ఏది తరవాత అని పైకే లెక్కేసుకుంది. పక్షవాతం వచ్చిన టీచరమ్మ ఇల్లు ముందు. ఆమెకు పొద్దున పూటే ఒళ్ళు సహకరిస్తుందట. తిట్టివుంటే సర్దిచెప్పేవాణ్ణి. నా దగ్గర అందుకు పది మార్గాలున్నాయి.

బస్సొచ్చింది. మంచం ఎక్కించి డ్రైవరు వెనక నిలబెట్టాం. కండక్టరు నాకు రెండు టికెట్లు చింపి మంచం కేసి చూశాడు. "దానికీ తీసుకోవాలి."

"ఎంత?"

చెప్పాడు. ఎక్కువే అనిపించింది. చెప్పేముందు అర క్షణం ఆగాడు, కళ్ళు పక్కకు తిరిగాయి. అంటే ఆ అంకె అప్పటికప్పుడు పుట్టిందన్నమాట. నోరు తెరవబోయాను. మా ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తోంది. చెప్పినంతా తీసి ఇచ్చేశాను.

సగమే అడిగి ఉండాల్సిందని ఇల్లు చేరేదాకా అనిపిస్తూనే ఉంది.