నదిలో కరెంటు

పెద్ద వరద వచ్చిన ఏడు కాదు, దాని తర్వాతి ఏడు. బడి గోడ మీద, నిచ్చెన నాలుగో మెట్టు ఎత్తున, బురద గీత అప్పటికింకా ఉంది. రెండుసార్లు సున్నం కొట్టినా లోపలి నుంచి మళ్లీ పైకి తేలింది. చివరికి పెద్ద సారు విసిగిపోయి, గోడంతా పాఠాల బొమ్మలు వేయిస్తే గీత కనపడదని పని మొదలుపెట్టించాడు.

ఆ పనికొచ్చిన ఇద్దరిలో అతను కింద నిచ్చెన పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎడమ కాలు కింది మెట్టు మీద, కుడి కాలు నేల మీద, చేతులు రెండూ వెదురు గడల మీద, తల కిందికి. ఆ పనిలో పైకి చూడకూడదు. వయసులో ఉన్నప్పుడు ఒకసారి చూశాడు. కంట్లో పసుపు రంగు పడి, కామెర్లు రాకుండానే రెండు రోజులు లోకమంతా పచ్చగా కనిపించింది. మళ్లీ చూడలేదు. తలకు చుట్టుకున్న తువాలు ఒకప్పుడు తెల్లది. ఊళ్లో ఏ కొట్టు బోర్డుకి ఏ రంగు వేశారో ఇప్పుడు దాని మీద వెతుక్కోవచ్చు.

పైన ఉన్నది బావ. అక్క మొగుడు. బావ గీస్తాడు, అతను పట్టుకుంటాడు. ముప్పై ఏళ్లుగా అదే పని. ఎవరైనా అడిగితే "బోర్డుల పని" అని చెప్పేవాడు గానీ, ఏ బోర్డు మీదా అతని చెయ్యి పడలేదు. అయినా పైన ఏం జరుగుతోందో గడలు చెప్పేవి. అక్షరాలు రాసేటప్పుడు బావ ఊపిరి బిగబడతాడు, గడలు కదలవు. బొమ్మలు వేసేటప్పుడు పిల్లి వీపు మీద చెయ్యి వేసినట్టు సన్నగా వణుకుతాయి. వణుకు వచ్చిందంటే బావకి హుషారొచ్చినట్టు.

"ఒరే బావమరిదీ, ఉన్నావా, పోయావా?"

"ఉన్నా."

"ఉంటే ఉలకవేంరా? నీకంటే ఈ గోడ నయం. రంగైనా పీలుస్తుంది."

"ఊఁ."

"అదిగో, మళ్లీ ఊఁ. మా అత్తగారు నిన్ను కన్నప్పుడు మాటలన్నీ మీ అక్కకే ఇచ్చేసినట్టుంది. అవన్నీ నేను వింటున్నా."

ఆ బడిలో పెద్దగొంతు వినిపించేది నిచ్చెన మీది నుంచే. గేటు దాటితే ఇంగ్లీషే మాట్లాడాలని అక్కడి రూలు. లెక్కలు ఇంగ్లీషులో, మొక్కలు ఇంగ్లీషులో, నదులు, కొండలు ఇంగ్లీషులో. పిల్లలకి అంత ఇంగ్లీషు రాదు కాబట్టి ఏ భాషా మాట్లాడకుండా, పిల్లి తిరిగే ఇంట్లో ఎలకల్లా తిరిగేవాళ్లు. బావకి ఆ రూలు పట్టేది కాదు. "రూలు నేల మీద నడిచేవాళ్లకిరా. మనం నిచ్చెన మీదున్నాం" అనేవాడు.

నిచ్చెన పట్టుకునే అతని మనవరాలు అక్కడే మూడో తరగతి. కొడుకు కూతురు. ఇంట్లో ఆ పిల్ల వసపిట్ట, నిద్రలో కూడా నోరు మూయదు. బడి గేటు దాటగానే నోటికి తాళం పడుతుంది. ఏడాదిగా ఒక్క మాట మాట్లాడలేదు. పెద్ద సారు పిల్ల తండ్రిని పిలిచి చెప్పేశాడు. శుక్రవారం లోపు పాఠం మీద ఒక్క వాక్యం నోరు తెరిచి చెబితే సరే, లేదంటే సోమవారం నుంచి ఒకటో తరగతిలో కూర్చోవాలి. ఒకటో తరగతిలో ఆ పిల్ల తమ్ముడున్నాడు. తమ్ముడి పక్కన, తమ్ముడి బల్ల మీద, తమ్ముడి పాఠం! రాత్రి ఆ పిల్ల కంచం ముట్టలేదు.

ఇవాళే శుక్రవారం. పొద్దున్న బడికి నడుస్తూ తాత వేలు పట్టుకుని అడిగింది.

"తాతా, నువ్వూ మాట్లాడవుగా. మరి నిన్ను ఒకటో తరగతికి పంపలేదే?"

అతను మూడో తరగతితోనే బడి మానేశాడు. ఆ సంగతి చెప్పలేదు. పిల్ల చెయ్యి కొంచెం గట్టిగా పట్టుకున్నాడు.

బావకి కూడా ఇది ఆఖరి గోడ. రెండు కళ్లలోనూ పొరలు కమ్మాయి. సాయంత్రం బస్సుకి అక్కతో కలిసి పెద్దకూతురి ఊరు వెళ్తున్నాడు. అక్కడ ఆపరేషను, ఆ తర్వాత అక్కడే ఉండిపోవడం. ఆ మాట ఇద్దరూ ఎత్తలేదు. బావ మిగతావన్నీ మాట్లాడాడు.

గంట కొట్టే ముందు మూడో తరగతి టీచరు పరుగున వచ్చింది. చిన్న వయసు, చేతినిండా సుద్దపొడి. గోడ మీద రెండు ఇంగ్లీషు మాటలు సుద్దతో పెద్దగా రాసింది.

"ఇదొక్కటే మిగిలింది తాతగారూ. నది పాఠం. ఈ మాటలకి రంగు వేసి, పైన బొమ్మ వెయ్యండి. పిల్లలకి చూడగానే అర్థమవ్వాలి. బొమ్మ మీ ఇష్టం."

"ఆ మాటలకి అర్థమేమిటమ్మా?" అని బావ అడిగేలోపే గంట మోగింది, ఆమె పరుగెత్తింది.

బావ బడి మొహం చూడలేదు. బావకి ఏ భాష అక్షరమైనా బొమ్మే. వంకర చూసి వంకర దింపేస్తాడు, చదవడం మాత్రం బావమరిది వంతు. మూడేళ్ల చదువుకి బోర్డులు నేర్పిన చదువు కలిసి, అతనికి కూడబలుక్కోవడం వచ్చింది.

"ఏం రాసిందిరా?"

అతను మొదటి మాట చూశాడు. "నది."

"రెండోది?"

రెండోది కూడబలుక్కోనక్కర్లేదు. కరెంటాఫీసు బోర్డు మూడుసార్లు రాశారు వాళ్లు. ఆ ఆకారం అతనికి చుట్టం లాంటిది.

"కరెంటు."

"నదిలో కరెంటేమిట్రా?"

అతను ఆలోచించాడు. "ఆనకట్ట దగ్గర తీస్తారుగా."

"అవునొరే! తియ్యాలంటే ముందు నీళ్లలో ఉండాలిగా. లేంది ఎక్కణ్నుంచి తీస్తారు?" అని బావ పైకెక్కేశాడు.

ఇక గడలు వణకడం మొదలైంది. ముప్పై ఏళ్లలో అంత వణుకు అతనెరగడు. కరెంటు స్తంభాలకి తగిలించే ప్రమాదం బోర్డులు బావ వందలు రాశాడు. అన్నిటి మీదా అదే పుర్రె, అవే రెండు ఎముకలు. వాటిలో నవ్వించేది ఏదీ ఉండకూడదు. ఆ రోజు మాత్రం బొమ్మ తన ఇష్టం. నీలం చినుకులు తువాలు మీద పడ్డాయి, ఆ తర్వాత పసుపు, ఆ తర్వాత ఎరుపు. పైనుంచి బావ తనలో తను నవ్వుకోవడం వినిపించింది.

"పైకి చూడకు. తర్వాత చూద్దువుగాని."

"చూడను."

మధ్యాహ్నం గంట మోగింది. పిల్లలు వరసగా, చప్పుడు లేకుండా బయటికొచ్చి గోడ ముందు ఆగిపోయారు. బావ దిగాడు. అతను "మెట్టు... మెట్టు... నేల" అని ఎప్పటిలా చెప్పి దింపాడు. అప్పుడు తలెత్తి చూశాడు.

నది నిండా మెరుపులు. చేపల మీసాలు నిక్కబొడుచుకున్నాయి. ఒక చేప నోట్లో బల్బు వెలుగుతోంది. ఒడ్డున కప్ప స్విచ్చి మీద చెయ్యి వేసి కూర్చుంది. నీళ్ల మధ్య ఒంటికాలి మీద కొంగ. ఆ కాలికి రబ్బరు చెప్పు, ఎత్తిన కాలికి రెండో చెప్పు.

ఎవరూ కిక్కురుమనలేదు. ఆ నిశ్శబ్దంలో ఒక గొంతు, అతనికి బాగా తెలిసిన గొంతు, కేక పెట్టింది.

"తాతా! కొంగ చెప్పులేసుకుందీ!"

పిల్లలందరూ మనవరాలి వైపు తిరిగారు. బయటికొస్తున్న పెద్ద సారు మెట్ల మీదే ఆగాడు. పొడవాటి మనిషి, నవ్వితే ఊడిపోతుందేమో అన్నట్టుండే మీసం. పిల్ల నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది. పెట్టుకుని తాత వైపు చూసింది. అతను నిచ్చెన ఎక్కేవాడికి కింద నేనున్నానని చెప్పినట్టు, ఒక్కసారి తల ఊపాడు.

టీచరు వంగి, నెమ్మదిగా ఇంగ్లీషులో అడిగింది. కొంగకి చెప్పులెందుకు?

పిల్ల చేతులు దించింది.

"బికాజ్..." అంది. అందరూ ఎదురుచూశారు. "బికాజ్ రివర్ హాజ్ కరెంట్. బర్డ్ నో షాక్."

అతని చేతుల్లో గడలు వణికాయి. పైన ఎవరూ లేరు.

"నీ మనవరాలేరా!" అని బావ అతని వీపు మీద ఒక్కటి చరిచాడు. "అది కరెంటాఫీసులో పెద్ద ఆఫీసరవుతుంది!"

టీచరు మాత్రం నవ్వలేదు. మెల్లగా తిరిగి పిల్లలందర్నీ చూసింది. నదిలో స్విచ్చి వేస్తే వెలిగే కరెంటే ఉంటుందని ఎంతమంది అనుకుంటున్నారు, అని అడిగింది. ఒక చెయ్యి లేచింది. ఆ తర్వాత నాలుగు. ఆ తర్వాత తరగతి మొత్తం. వారం రోజులుగా ఆమె నదిలో ఏముంటుందని అడుగుతుంటే అందరూ ఒక్క గొంతుతో "కరెంట్" అంటున్నారు. అర్థమైందని ఆమె మురిసిపోయింది.

"అందుకే నేను కాలవలో కాళ్లు కడుక్కోవడం మానేశా టీచర్" అన్నాడు ఒక బొద్దు పిల్లాడు. "అమ్మ చీపురు తిరగేసింది. అయినా కడుక్కోలేదు."

టీచరు సుద్ద చేతులతో మొహం కప్పుకుంది. ఏడుస్తోందేమో అనుకున్నారు. చేతులు తీశాక చూస్తే నవ్వు, బుగ్గల మీద తెల్లటి వేళ్ల అచ్చులు. ఏ భాషలో మాట్లాడుతోందో మర్చిపోయి అరిచింది.

"వడిరా నాయనలారా! నీళ్ల వడి! నది లాక్కుపోతుంది చూడండి, దాన్ని కూడా వాళ్లు కరెంటే అంటారు!"

"ఓ... వడి!" అన్నారు పిల్లలు. కుక్కరు మూత తీసినట్టు అందరి ఊపిరీ ఒక్కసారే బయటికొచ్చింది.

"వడా అది?" అన్నాడు బావ. "ఆ సంగతి ముందే చెప్పొద్దూ అమ్మా! నిరుడు మా రంగు డబ్బాలన్నీ దానిపాలే అయ్యాయి. బాగా తెలిసిన మనిషే!" అని బావమరిది వైపు తిరిగాడు. "ఏరా పండితుడా, ఏం చదివావురా?"

"కరెంటే రాసుంది" అన్నాడు అతను.

పెద్ద సారు దగ్గరికొచ్చి బొమ్మని పైనుంచి కిందికి చూశాడు. మీసం కదల్లేదు.

"తప్పు బొమ్మ బడి గోడ మీద ఉండకూడదు. చెరిపేసి కొత్తది వెయ్యండి."

బావ మొహంలో వెలుగు పోయింది. కొత్తది వేసేంత పొద్దు లేదు, వేసేంత కళ్లూ లేవు. అతనికి ఏదైనా అనాలనిపించింది. మాట గొంతు దాకా వచ్చి, అలవాటుగా అక్కడే కూర్చుంది.

"నో, సర్."

మనవరాలు. తాళం ఒకసారి ఊడాక మళ్లీ పడలేదు.

"టూ కరెంట్, సర్. వన్ పుల్." నీళ్లు లాక్కుపోయినట్టు పక్కవాడి చొక్కా పట్టి లాగింది. "వన్ షాక్." ఒళ్లంతా జలదరించి చూపించింది. "బోత్ కీప్, సర్."

పెద్ద సారు మీసం ఒక వైపు కదిలింది. ఆపాలని చూశాడు. రెండో వైపు కూడా కదిలింది. ఇక సారు నవ్వేశాడు. బడి పెట్టినప్పటి నుంచి ఎవరూ వినని నవ్వు అది, మేక తుమ్మినట్టుంది. అది విని పిల్లలు, టీచరు, బావ, అందరూ పగలబడ్డారు.

"సరే, ఉండనీ. పక్కన ఒక కాగితం పడవ వేసి, వడికి కొట్టుకుపోతున్నట్టు పెట్టండి" అన్నాడు సారు కళ్లు తుడుచుకుంటూ. తర్వాత టీచరుతో, "ఈ పిల్ల మూడో తరగతిలోనే ఉంటుంది. మాట్లాడొద్దంటే వింటుందేమో, ఇక అది చూడండి" అన్నాడు.

మధ్యాహ్నమంతా గడలు వణుకుతూనే ఉన్నాయి. నది పాఠం మళ్లీ మొదటినుంచి, ఈసారి రెండు భాషల్లోనూ, కిటికీలోంచి వినిపించింది.

పొద్దు వాలేసరికి పడవ అయిపోయింది, అక్షరాలకి రంగు అయిపోయింది. పడవ వెనక ఈదుతున్న ఒక చేపకి మాత్రం కన్ను లేదు. ఏ జీవానికైనా కన్ను ఆఖర్న పెట్టడం బావ పద్ధతి. కుంచె పట్టుకుని ఆ చేప ముందు చాలాసేపు నిలబడ్డాడు. గడలు కదల్లేదు.

"చుక్క రెండుగా కనిపిస్తోందిరా" అన్నాడు దిగుతూ. "రేపు నువ్వు పెట్టు."

"నేనా?"

"ఎన్నాళ్లు కిందే ఉంటావు? పైకెక్కి చూడు, ఊరెలా ఉంటుందో."

బస్టాండులో అక్క నాన్‌స్టాప్‌గా మాట్లాడింది. చింపిరి జుట్టు దువ్వుకోమంది, కోడలితో పోట్లాడొద్దంది. ఎప్పుడైనా పోట్లాడాడా అని మనవరాలు అడిగింది. మాట్లాడితేగా, అంది అక్క, ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చి. పెట్టె పైకి చేరింది. బావ బస్సు మెట్టు మీద కాలు పెట్టి తడుముకున్నాడు.

"మెట్టు" అన్నాడు అతను. "మెట్టు... నేల."

బావ లోపలికెళ్లాడు. బస్సు బుర్రుమంది. అతను ఎడమ కాలు బస్సు కింది మెట్టు మీద పెట్టి, తలుపు పక్కనున్న కడ్డీలు రెండు చేతులా పట్టుకుని, తల దించుకుని నిలబడి ఉన్నాడు.

"పెద్దాయనా, వదులు" అన్నాడు కండక్టరు. "బస్సు పడిపోదులే."

మర్నాడు శనివారం, ఒంటిపూట బడి. అతను గంట కొట్టకముందే వెళ్లి నిచ్చెన గోడకి ఆనించాడు. పట్టుకునే మనిషి లేడు. మనవరాలు ఒక గడ పట్టుకుంది, బొద్దు పిల్లాడు రెండోది పట్టుకున్నాడు, మిగతావాళ్లు దొరికిన చోటల్లా పట్టుకున్నారు. కింది మెట్టు మీద చోటు కోసం ఎడమ కాళ్లు తోసుకున్నాయి.

"పైకి చూడొద్దు. కంట్లో రంగు పడుతుంది" అన్నాడు అతను.

"అయితే ఏం కనిపిస్తోందో నువ్వే చెప్పాలి!" అంది మనవరాలు, తల దించుకునే.

ఎక్కాడు. గడలు వణకలేదు. చేపకి కన్ను పెట్టాడు. చుక్క కొంచెం జారి, చేప కిందికి, నిచ్చెన పట్టుకున్నవాళ్ల వైపు చూస్తున్నట్టు కుదిరింది.

"చెప్పు తాతా!"

"కాలవ కనిపిస్తోంది" అన్నాడు. ఇంకొంచెం మెడ చాచి, "దాని అవతల మనిల్లు. మీ అమ్మ బట్టలారేస్తోంది. నీ గౌను నేల మీద పడింది, చూసుకోలేదు. బస్సొకటి పోతోంది..." అన్నాడు. కింద పిల్లలు ఇంకా, ఇంకా అన్నారు. అతను చెబుతూనే, ఆసరాకి పై మెట్టు పట్టుకోబోయి ఆగాడు. ఆ మెట్టు మీద ముప్పై ఏళ్ల రంగులు పొరలు పొరలుగా పేరుకుని, బావ ఎడమ చేతి అచ్చు, ఐదు వేళ్లతో, పైపైన నిన్నటి నీలంతో ఉంది.